గోడ దూకిన కాపరి

బుచ్చన్నను ముఠా మేస్త్రిగా ఉండమని అడగడం ఆ బొగ్గుబాయి దగ్గర ఒక వేడుకలా సాగేది. అడిగేది షిఫ్టు పని చూసే సర్దారు నర్సింగం. కాదనేది బుచ్చన్న. ఆ కాసేపూ చాయ్ తాగుతూ చూసేది మిగతా అందరూ.

పందొమ్మిది వందల డెబ్బై దాటిన తొలి ఏళ్లవి. గోదావరిఖనిలో అప్పటికి క్వార్టర్ల కంటే గుడిసెలే ఎక్కువ. బాయిలోపల, అంటే గనిలో, పైబండ కిందికి రాకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టడం బుచ్చన్న పని. దిగగానే పొడుగు కర్రతో బండను కొట్టి చూసేవాడు. ఖంగుమంటే బండ గట్టిగా ఉన్నట్టు. డొల్లగా పలికితే ఎక్కడో వీడినట్టు. ఆ చెవి మీద అందరికీ గురి. అందుకే మేస్త్రి బిక్షం కాలు విరిగి దవాఖానలో పడ్డప్పుడు ముఠా అంతా ఇతని వైపే చూసింది.

"ఏంది బావా, గంత పెద్ద మందను కాసినోనివి. పదిమంది మనుషులను కాయలేవా?" అన్నాడు నర్సింగం.

"గొర్లు వేరు."

"ఏం వేరు? మీ గొర్లు గడ్డి తింటయి, మా సదయ్య జొన్నరొట్టె తింటడు. గంతే ఫరక్."

టబ్బులు నింపే సదయ్య గ్లాసు కింద పెట్టాడు. "నన్నెందుకు నడుమల గుంజుతవే సర్దారూ? నాకన్నా గొర్రెలే నయం, వాటికి డ్యూటీ లేదు."

అందరూ నవ్వారు. బుచ్చన్న మాత్రం నవ్వలేదు. "నా మాట మీద ఎవ్వలు నా ఎనుక రావద్దు" అని టోపీ తీసుకొని లేచి వెళ్లిపోయాడు.

ఆ మాట ఎందుకన్నాడో అతని భార్య లింగవ్వకు తెలుసు. చాలా ఏళ్ల తర్వాత వాళ్ల గడపలో కూర్చోబెట్టి నాకు చెప్పిందీ ఆమెనే. మధ్యమధ్యలో బుచ్చన్న "గట్ల కాదు" అనేవాడు. "గట్లనే" అని ఆమె ముందుకు సాగేది.

వాళ్లు కురుమలు. కమాన్‌పూర్ దిక్కు పల్లెలో తాతల నాటి నుంచి మందతోనే బతికారు. బుచ్చన్న గొంగడి కప్పుకొని ముందు నడిచేవాడు, లింగవ్వ వెనక నుంచి తోలేది. నాలుక ఆడిస్తూ "ట్ర్‌ర్‌ర్... హో!" అని అతనొక పిలుపు పిలిచేవాడు. మేత మీద ఉన్నా, వాగు అవతల ఉన్నా ఆ పిలుపు వింటే మంద తలెత్తేది. ముందర ఒక ముసలి పొట్టేలు. పొద్దున్నే దాని నుదుట మల్లన్న బండారి, అదే, దేవుడి పసుపు పెట్టనిదే దొడ్డి తలుపు తీసేవాడు కాదు.

వాళ్లింట్లో ఒక కట్టుబాటు ఉండేది. అమ్మిన జీవాన్ని కాపరి తోలుకుపోకూడదు. కొన్నవాడే వచ్చి, కాళ్లు కట్టి, భుజాన వేసుకొని పోవాలి. కాపరి అటు తిరిగి నిలబడాలి. ఒకటీ రెండూ అమ్మే రోజుల్లో అది సాగింది. మందకు మంద అమ్మవలసి వస్తుందని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు.

అరవైలలో బొగ్గుబాయిలు పడ్డాయి. మేసే గుట్ట చుట్టూ కంచె వచ్చింది. ఆ కంచె వేసినవాళ్లే బుచ్చన్నకు బాయిలో పని ఇచ్చారు. రెండు పనులు ఒక మనిషితో కావు. మంద మొత్తాన్ని గోదావరిఖనిలో మటన్ దుకాణం నడిపే అలీముద్దీన్‌కు అమ్మడానికి మాట్లాడాడు. అలీముద్దీన్ మంచివాడు. తన మనుషులను వెంటబెట్టుకొని తానే వచ్చాడు.

కానీ మంద కదల్లేదు. అరిచినా, అదిలించినా ఉన్నచోటనే సుడి తిరిగింది. ఎలాగో తోలి బొగ్గు రైళ్లు నడిచే పట్టాల దాకా తెచ్చారు. అక్కడ దూరం నుంచి కూత వినబడగానే మంద బెదిరి పట్టాల మీదికే చెదిరింది.

"బుచ్చన్నభాయ్, ఇవి మా మాట ఇనయ్. జర నువ్వు ముందల నడువు" అన్నాడు అలీముద్దీన్.

లింగవ్వ మొగుడి చెయ్యి పట్టుకుంది. "పోకు. అమ్మిన జీవం ముందట మనోళ్లు నడువరు."

"రైలు కింద వడి సస్తయే!" అని చెయ్యి విడిపించుకున్నాడు.

పట్టాల అవతల నిలబడి ఒక్క పిలుపు పిలిచాడు. పొట్టేలు తలెత్తింది. దాని వెంట మందంతా పట్టాలు దాటి అతని దగ్గరికి వచ్చింది. ఇక అతను ఆగలేదు, అవీ ఆగలేదు. బజారు దాటాయి, లారీలు దాటాయి, దేనికీ బెదరలేదు. అలీముద్దీన్ దుకాణం వెనక రాతిగోడల దొడ్డి. అతను ముందు లోపలికి పోయాడు. అవీ పోయాయి. తలుపు నిండా జీవాలే. బయటికి రావడానికి అతనికి దారి లేకపోయింది. వెనక గోడ ఎక్కి అవతలికి దూకాడు.

ఇక్కడికి వచ్చేసరికి లింగవ్వ ఆగింది. తర్వాతిది బుచ్చన్నే చెప్పాడు.

"నేను గోడ పొంటి బయట నడుస్తున్న. లోపట గోడ పొంటి అవిగూడ నడుస్తున్నయి. డెక్కల సప్పుడు ఇనవడుతనే ఉంది. గోడ మలిగిన కాడ నేను మలిగిన, అవి మలిగినయి. మల్ల వాటికి గోడ అడ్డం వచ్చింది. మనం మల్లన్నను నమ్మినట్టే అవి నన్ను నమ్మినయి. మల్లన్న గిట్ల గోడ దుంకిపోతే మన గతేంది?"

ఆ రోజు నుంచి అతను మాంసం ముట్టలేదు. ఆ పిలుపు మళ్లీ పిలవలేదు. అలీముద్దీన్ దీన్ని తప్పు పట్టలేదు. బక్రీదుకు బంధువులందరికీ మాంసం పంపినా, వీళ్లింటికి మాత్రం గిన్నెడు సేమ్యా పాయసం పంపేవాడు.

మేస్త్రి పని ఎందుకు వద్దన్నాడో ఇప్పుడు తెలిసింది కదా. బాయిలో మేస్త్రి "రాండ్రి" అంటే ముఠా లోపలికి పోతుంది. బండ ఎలా ఉందని ఎవరూ అడగరు. అతని మాటే నమ్మకం. బుచ్చన్నకు భయం బండంటే కాదు, ఆ నమ్మకమంటే.

అయితే బిక్షం కాలు ఇప్పట్లో అతికేలా లేదు. బుచ్చన్న ఒప్పుకోకపోతే వేరే ముఠా నుంచి ఒక దుడుకు మనిషిని మేస్త్రిగా వేస్తారని తెలిసి, సదయ్య అతని ఇంటికి వచ్చాడు.

"కాకా, ఆయన బండ కొట్టి సూడడు. టబ్బులు నిండాలె, గంతే. మేము ఎవల ఎనుక వోవాలె?"

బుచ్చన్న తల వంచుకొని కూర్చున్నాడు. లోపల రొట్టెలు చేస్తున్న లింగవ్వ పిండి చేతులతోనే బయటికి వచ్చింది.

"వాళ్లు నిన్ను నమ్ముడు నువ్వు వద్దంటే ఆగుతదా? ఎప్పుడో నమ్మిన్రు. ఆ దొడ్డిల నువ్వు గోడ దుంకినవ్. నిజమే. గిక్కడ దుంకకు. గంతే కదా! దీనికి గిన్నేండ్లు మొఖం ఏలాడేసుకుంటవా?"

సదయ్యకు గోడ సంగతి తెలియదు. బిత్తరపోయి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

మర్నాడు బుచ్చన్న నర్సింగం ముందు నిలబడ్డాడు. "ఉంట. ఒక్కటే మాట. ముందుగాల నేను వోత. ఆఖర్న నేను ఎల్త. నడుమల నన్ను ఎవ్వలు తొందర వెట్టద్దు."

"మా బావకు దయ పుట్టింది! చాయ్ చెప్పున్రి" అన్నాడు నర్సింగం.

అలా కొన్ని నెలలు గడిచాయి. అన్న మాట ప్రకారమే బుచ్చన్న షిఫ్టు మొదట్లో ముందు పోయేవాడు, చివర్లో అందరి తర్వాత వచ్చేవాడు. అతని కోసం ఆగవలసి వచ్చి, ఇంటికి పోయే తొందరలో ఉన్నవాళ్లు విసుక్కునేవాళ్లు కూడా.

ఒక రోజు పొద్దుటి షిఫ్టులో కొట్టిన కర్ర డొల్లగా పలికింది. మళ్లీ కొట్టాడు. పైనుంచి సన్నగా పొడి రాలింది. నిలబెట్టిన దిమ్మె ఒకటి టక్కుమంది.

"బయటికి! అందరు బయటికి!"

ముఠా కదిలింది. సదయ్య ఒక్కడు లోపలికే పరుగెత్తాడు. అతని చెమ్మాసు, అంటే బొగ్గు ఎత్తే పార, మూలన ఉండిపోయింది. బొగ్గు నలుసుల కింద అది అతనికి దొరకలేదు. వంగి వెతుకుతున్నాడు.

"సదయ్యా, రా!"

"వస్తున్న కాకా, నువ్వు నడువు! జల్ది నడువు!"

బుచ్చన్న నడవలేదు. సరిగ్గా ఆ డొల్ల బండ కిందికే పోయి, కర్ర నేలకు ఆనించి నిలబడ్డాడు.

"నువ్వు ఎల్లనిదే నేను ఎల్ల. దేవులాడుకో. నేను ఈడ్నే ఉంట."

సదయ్య వెనక్కి తిరిగి చూశాడు. బత్తి వెలుగులో మేస్త్రి భుజాల మీద పొడి రాలుతూనే ఉంది. ముఖంలో కోపం లేదు, తొందర లేదు. సదయ్య చెమ్మాసు మాట మరిచి పరుగెత్తాడు. అతను దాటిపోయాకే బుచ్చన్న అడుగు తీశాడు. ఇద్దరూ మలుపు తిరిగారో లేదో వెనక బండ కూలింది. గాలి వచ్చి వీపుకు తగిలింది. బత్తులు దుమ్ములో మునిగిపోయాయి.

పైకి వచ్చాక సదయ్య తిట్టాడు. "నీకు పిచ్చా ఏందే కాకా? నేనంటే మొండోన్ని. నువ్వెందుకు నిలవడ్డవ్?"

"నువ్వు మొండోనివనే" అన్నాడు బుచ్చన్న.

ఆ మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి ఆలస్యమైంది. లింగవ్వ గుమ్మంలోనే ఉంది.

"గింత సేపేంది? అందరు ఎప్పుడో వచ్చిన్రు."

"నేను ఆఖర్న ఎల్లిన."

ఆమె పొయ్యి దగ్గరికి పోయింది. తడక చాటున వేడినీళ్లు తోడి పెట్టింది. నల్లటి నీళ్లు కాలువలోకి పారుతున్నాయి. అంతలో తడక వెనక నుంచి ఒక చప్పుడు వినిపించింది. మొదట దగ్గు అనుకుంది.

"ట్ర్‌ర్‌ర్... హో!"

గొంతు సరిగ్గా పలకలేదు. మళ్లీ పిలిచాడు. పక్కింటి కోళ్లు రెండు తలలు ఎత్తి చూసి, మళ్లీ గింజల మీద పడ్డాయి. లింగవ్వ చీర కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఎవల్ను పిలుస్తున్నవయ్యా? ఈడ నేనొక్కదాన్నే ఉన్న."

"నువ్వైతే రావులే" అన్నాడు బుచ్చన్న నీళ్లు గుమ్మరించుకుంటూ. "నువ్వెప్పుడు నా మాట విన్నవ్ గనుక!"