కిటికీ పక్క మంచం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరికైనా ఒక వస్తువు నచ్చిందంటే, ముందు మొహం ముడుచుకోవాలి. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది కాదు, చూసి చూసి అందరికీ వచ్చేసింది. మాది పాతపట్నం దగ్గర చిన్న ఊరు. కొండల మీది నుంచి దిగే చింతపండు, పసుపు, చీపుళ్ళు సంతలో కొని మా కొట్లో అమ్మేవాళ్ళం. బట్టల కొట్టుకి వెళ్తే మా అమ్మ తనకు బాగా నచ్చిన చీరనే అన్నిటికంటే ముందు పక్కకు నెట్టేసేది. మా నాన్న ఏ రోజూ కూర బాగుందని అన్నట్టు నాకు గుర్తు లేదు. బాగుంటే ఇంకోసారి వేయించుకునేవాడు, అంతే.

ఈ విద్యలో మా తాతయ్యను మించినవాడు లేడు. ఆయన నాన్నకి నాన్న. సంతలో ఆయన బేరం చూసి తీరాలి. కొండవాళ్ళు తెచ్చిన చింతపండు బుట్ట ముందు ఆగి, ఒక రెబ్బ తుంచి, వాసన చూసి, నాలుక మీద పెట్టుకుని, కషాయం తాగినట్టు మొహం పెట్టేవాడు. ఆపైన మారు మాట లేకుండా నడిచిపోయేవాడు. గబగబా నడిచేవాడు కాదు, మరీ మెల్లగానూ కాదు. ఆరేడు అడుగులు వేసేసరికి వెనక నుంచి "బావూ, రాండి" అని పిలుపు వచ్చేది. రాకపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ పిలుపు వినగానే నా వైపు చూసి కన్ను గీటేవాడు. ఆయనంత తెలివైన మనిషి ఈ భూమ్మీద లేడని నేను గట్టిగా నమ్మేదాన్ని.

నాకు పదిహేనో ఏట పదో తరగతి అయింది. మా ఊళ్ళో బడి అక్కడితో సరి. ఇంటర్ చదవాలంటే శ్రీకాకుళం పోవాలి, పోతే హాస్టల్లో ఉండాలి. నాన్న ససేమిరా అన్నాడు. మూడు రోజులు నాకు అన్నం సహించలేదు. అలిగి మానేశానని నాయనమ్మ తిట్టింది కానీ, నిజంగానే ముద్ద గొంతు దిగలేదు. చివరికి తాతయ్య కలగజేసుకుంటే నాన్న ఒక షరతు మీద మెత్తబడ్డాడు. కాలేజీ ప్రహరీ లోపల ఉన్న హాస్టల్లోనే చోటు దొరకాలి. దొరికితే చదువు, లేకపోతే కొట్లో కూర్చుని పొట్లాలు కట్టుకోవడం. కాలేజీలో సీటు అప్పటికే వచ్చింది. హాస్టలు చూసి మాట్లాడి రమ్మని తాతయ్యను తోడిచ్చి పంపాడు.

బస్సులో తాతయ్య నాకు పాఠం మొదలుపెట్టాడు. "సూడే గుంటా, అక్కడ ఏటి సూపించినా నీకు బాగున్నట్టు కనబడకూడదు. మన అవసరం మొగం మీద తెలిసిపోనాదంటే ఇంక అయిపోనట్టే, ఫీజు పైసా తగ్గించరు. మాటలన్నీ నాను సూసుకుంటాను. నువ్వు అలగ నిలబడు, సాలు." నేను బుద్ధిగా తల ఊపాను. బస్సు నరసన్నపేట దాటేదాకా ఆ మొహం ఎలా పెట్టాలా అని కిటికీ అద్దంలో చూసుకుంటూనే ఉన్నాను. సంతలో ఎప్పుడూ ఓడని మనిషి నా పక్కన ఉన్నాడు, నాకు భయమెందుకు అనుకున్నాను.

కాలేజీ ఆడపిల్లలు ఉండే హాస్టళ్ళు రెండు ఉన్నాయి. ఒకటి ప్రహరీ లోపల, ఇంకోటి రోడ్డుకి అవతల ఒక అద్దె మేడలో. తాతయ్య ముందు అద్దె మేడకే తీసుకెళ్ళాడు. దాని గేటుకి గడియ లేదు. ఎదురుగా టీకొట్టు, ఆ బల్లల మీద కూర్చున్న మగవాళ్ళు లోపలికి వెళ్ళే ప్రతి పిల్లనీ కళ్ళతోనే గుమ్మం దాకా సాగనంపుతున్నారు. తాతయ్య లోపలికి అడుగు కూడా పెట్టలేదు. "ఇది మనకి ఒద్దు. గానీ పనికొస్తాది" అన్నాడు. ఎందుకు పనికొస్తుందో నాకప్పుడు అర్థం కాలేదు.

లోపలి హాస్టలు వార్డెనమ్మ యాభై ఏళ్ళావిడ. వరండాలో బల్ల వేసుకుని, ముందు పెద్ద రిజిస్టరు పెట్టుకుని కూర్చుంది. పొద్దుటి నుంచి వచ్చేవాళ్ళకి ఒకటే సంగతి చెప్పి చెప్పి గొంతు పోయినట్టుంది. "మొదటి ఏడాది పిల్లలకి ఇంకొక్క మంచమే మిగిలిందండీ, చూసుకుంటారా?" అంది. తాతయ్య నా వైపు చూసి మీసాల్లో నవ్వుకున్నాడు. ఒకటే మిగిలింది అన్న మాట మా కొట్లో మేము రోజూ అనేదే. వెనక గదిలో బస్తాలు కప్పుకి తగులుతున్నా అదే మాట అంటాం.

ఆవిడే మమ్మల్ని మేడ మీదికి తీసుకెళ్ళింది. గదిలో నాలుగు మంచాలు. మూడింటి మీద అప్పటికే పరుపు చుట్టలు, రేకు పెట్టెలు ఉన్నాయి. నాలుగోది కిటికీ పక్కన ఖాళీగా ఉంది. కిటికీలోంచి నాగావళి కనిపిస్తోంది. ఇసక తిన్నెలు, వాటి మధ్య సన్నటి పాయలు, ఒడ్డున ఆరేసిన దుప్పట్లు. మంచం తల దగ్గర గోడలో ఒక చిన్న అలమర ఉంది, రెండు అరలది, పుస్తకాలు పెట్టుకోవడానికి. మా ఇంట్లో నాకంటూ ఒక మూల ఉండేది కాదు. నా పుస్తకాలు పసుపు బస్తాల మీద పడి ఉండేవి, ఏ పేజీ తీసినా పసుపు వాసనే. ఆ రెండు అరలు చూసేసరికి నాకు ఏడుపొచ్చినంత పనైంది. అంతగా ఏదైనా కావాలనిపించడం నా జన్మలో అదే మొదలు.

అయినా నేర్చుకున్న పాఠం మరిచిపోలేదు. పళ్ళు బిగబట్టి, మూతి ముడిచి, కిటికీ వైపు మళ్ళీ చూడకుండా నిలబడ్డాను. తాతయ్య తన పని తను మొదలుపెట్టాడు. గోడ మీద సున్నం గోటితో గీకి చూశాడు. మంచం పట్టుకుని ఊపాడు. కిటికీ ఊచ ఒకటి వంగిందన్నాడు. ఏటి గాలి పిల్లకి పడదన్నాడు, ఏనాడూ జలుబు కూడా చేయని దాన్ని నేను. చివరికి, "రోడ్డవతల హాస్టలు సూసే వచ్చాం మేడమ్. అక్కడ గదులు ఇంతకన్నా పెద్దవి" అన్నాడు. అద్దె మేడ ఎందుకు పనికొచ్చిందో అప్పుడు తెలిసింది.

వార్డెనమ్మ ఆయన్ని వదిలేసి నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా, ఉండేది నువ్వు కదా. నచ్చిందా?" అని అడిగింది. నీకు నచ్చిందా అని నన్ను అడిగిన పెద్దవాళ్ళు అంతకు ముందు లేరు. గొంతు దాకా వచ్చింది మాట. తాతయ్య చిన్నగా దగ్గాడు. నేను నేల చూపులు చూస్తూ "ఏమో" అన్నాను.

"సరే, ఆలోచించుకోండి" అని ఆవిడ మాతోపాటు కిందికి దిగి తన బల్ల దగ్గర కూర్చుంది. తాతయ్య గేటు వైపు నడిచాడు. అది సంత నడకే, నాకు బాగా తెలిసిన నడక. పక్కన నడుస్తూ లోలోపల అడుగులు లెక్కపెట్టుకున్నాను. ఆరు, ఏడు, ఎనిమిది. వరండా మెట్లు దిగాం, మందార చెట్లు దాటాం, గేటు దగ్గరికి వచ్చేశాం. వెనక నుంచి ఏ పిలుపూ లేదు. "ఎనక్కి సూడకు. పిలుస్తాది" అన్నాడు తాతయ్య.

గేటు బయట సోడాబండి దగ్గర ఆగాం. చెరో సోడా తాగాం. మేము తాగుతూ ఉండగానే ఒక తల్లీ కూతురూ మమ్మల్ని దాటుకుని లోపలికి వెళ్ళారు. తల్లి సముద్రం ఒడ్డు ఊళ్ళ మనిషని కట్టుబొట్టు చూస్తే తెలుస్తోంది. కూతురికి నా వయసే ఉంటుంది, నెత్తి మీద రేకు పెట్టె. సోడా అయిపోయింది. తాతయ్య నుదుటి మీద చెమట కనిపించింది. "మేడమ్ ఏదో పనిలో ఉన్నట్టున్నాది" అన్నాడు. "మనమే ఎల్లి అడుగుదాం తాతయ్యా" అన్నాను. "మనమే ఎల్తే అలుసైపోతాం, ఉండు" అన్నాడు. ఉన్నాను. నేనే ఆయన చెయ్యి విడిపించుకుని లోపలికి పరుగెత్తి ఉంటే ఏమయ్యేదో అని ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు అనుకున్నానో. ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో ఆడపిల్ల అలా పరుగెత్తదు. ఎలా పరుగెత్తాలో కూడా నాకు తెలీదు.

ఇంక ఆగలేక తాతయ్యే లోపలికి దారితీశాడు. ఆవరణలో ఉండగానే మేడ మీద నుంచి ఆ పిల్ల గొంతు వినిపించింది. "ఓలమ్మ! ఏరు కనబడతన్నాది! అమ్మా, ఇలగ రాయే!" వెంటనే తల్లి గొంతు. "ఎంత బాగున్నాదో! మేడమ్, మా గుంటకి ఇదే రాసీండి." మేము వరండా ఎక్కేసరికి ముగ్గురూ కిందికి వచ్చారు. వార్డెనమ్మ కళ్ళజోడు సర్దుకుని, పెన్ను తీసి, ఆ పిల్ల పేరు రాసేసింది. మేము చూస్తుండగానే రాసింది.

తాతయ్య భుజం మీది తువాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎంత పెద్ద ఆఫీసరు ముందైనా ఆయన ఆ తువాలు దించడం నేను చూడలేదు. "అమ్మా, మా మనవరాలికి ఆ గది నచ్చింది. సాలా నచ్చింది. మొగం అలగ ఎట్టమని సెప్పినోడ్ని నాను. దానికి సదువంటే పేనం. తప్పు నాదమ్మా, దానిది కాదు" అన్నాడు. నాకు ఆయన మొహం చూడాలంటే భయమేసింది.

వార్డెనమ్మ రిజిస్టరు మా వైపు తిప్పి చూపించింది. ఆ పేజీలో ఒక్క గీత కూడా ఖాళీ లేదు. "ముందే ఒక్క మాట చెప్పి ఉంటే బావుండేదండీ. అమ్మాయిని అడిగాను కూడా. మీకు ఇష్టం లేదేమో అనుకున్నాను" అంది. నేల మీదైనా పడుకుంటుందన్నాడు తాతయ్య. అలా ఉంచడానికి తనకు అధికారం లేదంది. ఆవిడ బాధపడుతూనే చెప్పింది, కసురుకోలేదు. కసురుకుని ఉంటే నాకు కోపం తెచ్చుకోవడానికి ఒక మనిషైనా దొరికేది. ఆ సముద్రపు ఒడ్డు తల్లి మా వైపు జాలిగా చూసి, "ఏటి బావూ, ముందుగాల సెప్పాల గదా" అంటూ కూతుర్ని దగ్గరికి లాక్కుంది. లాక్కోవడంలో తప్పేం లేదు. నేనైనా అదే చేస్తాను.

బస్టాండులో నేను ఏడ్చాను. అద్దె మేడలోనైనా ఉంటానన్నాను. మీ నాన్నకి మాటిచ్చాను, ఆ మాట దాటలేనన్నాడు తాతయ్య. ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం, ఒకరికొకరం ఏమీ చేసుకోలేకపోయాం. అక్కడ కూర్చున్నప్పుడే నాకు సంత గుర్తొచ్చింది. అన్నాళ్ళూ తాతయ్య నడక చూసి కొండవాళ్ళు పిలిచేవారనుకున్నాను. చీకటితో కొండ దిగి మోసుకొచ్చిన బుట్టను సాయంత్రం మళ్ళీ నెత్తిన పెట్టుకుని కొండెక్కలేక పిలిచేవారు, పాపం. ఆ వేళ ఆ బుట్ట మా నెత్తిన ఉంది. ఆ సంగతి తెలియకుండా వెళ్ళింది మేమే.

ఇంటికొచ్చాక తాతయ్య ఏదీ దాచలేదు. జరిగింది జరిగినట్టు నాన్నకి చెప్పి, వచ్చే ఏడు పంపుదామన్నాడు. నాన్న "చూద్దాం" అన్నాడు. మా ఇంట్లో ఆ మాటకి అర్థం, వద్దనే. మరుసటి ఏడు వచ్చింది, వెళ్ళింది. అప్పటికి తాతయ్య మాట నాన్న దగ్గర చెల్లే రోజులు పోయాయి. నేను కొట్లో కూర్చుని పొట్లాలు కట్టాను. పెళ్ళయ్యాక అత్తవారి ఊళ్ళోనూ కొట్టే నడిపాను. కొండ నుంచి దిగిన సరుకు బాగుంటే బాగుందని మొహాన్నే చెప్పేదాన్ని. నీకు బేరం చేతకాదని మా ఆయన ఎన్నిసార్లో వేళాకోళం చేశాడు.

ఇప్పుడు యూనివర్సిటీ ఉన్న ఎచ్చెర్ల వైపు వెళ్ళే బస్సుల్లో చక్రాల పెట్టెలతో ఆడపిల్లలు కనిపిస్తారు. హాస్టలు చూసుకోవడానికి వెళ్తున్నామని చెబితే ఊరుకోలేను. గది నచ్చితే అక్కడికక్కడే చెప్పేయమ్మా అంటాను. ఈ ముసలావిడకేం పట్టిందని నవ్వుకుంటారు. నవ్వనీ.

తాతయ్య మీద నాకు కోపం ఉంది. ఆయన పోయి ఎన్నో ఏళ్ళయినా అది పోలేదు, ఆ మాట దాచను. అయితే ఆ వరండాలో ఆయన నోరు విప్పేసరికి మంచం చేజారిపోయిందని ఆయనకి తెలుసు. చెప్పినా ఒరిగేదేమీ లేదనీ తెలుసు. అయినా ముక్కూ మొహం తెలియనివాళ్ళ ముందు నిలబడి నాకేం కావాలో చెప్పాడు. నా తరఫున ఆ మాట పైకి అన్న మనిషి మా ఇంట్లో ఆయనొక్కడే. అంతకు ముందు ఎవరూ అనలేదు, తర్వాతా ఎవరూ అనలేదు. అందుకే ఇప్పుడు నా తరఫున నేనే అంటున్నాను. ఎంతవరకు చదువుకున్నారని ఎవరైనా అడిగితే, పదో తరగతి అని చెప్పి అక్కడితో ఊరుకోను. ఇంకా చదవాలని నాకు చాలా ఉండేదండీ అని కూడా చెబుతాను.