కుడితి గోలెంలో పెండ్లి పెరుగు

ఏడో తరగతిలో బడి మానేసింది చదువు రాక కాదంటాడు మొగిలయ్య. తన ప్రశ్నలకు సార్లు జ్వరాలు తెచ్చుకుంటుంటే జాలిపడి మానేశాడట. రోహిణి కార్తెలో పరకాల మీదుగా ఎగిరిన కొంగ చెరువు చేరేసరికి వేపుడైందని కూడా అంటాడు. అతని భార్య సారలమ్మ ఇలాంటివేమీ చెప్పదు. ఆమె తోడేసిన పెరుగుకు మాత్రం ఎవరూ వంక పెట్టలేదు.

కూతురు దీప లగ్గం ఖాయమైన రోజున, మరిపెడ వియ్యంకుడు రాజమౌళి ముందు మొగిలయ్య ఆ పెరుగును ఆకాశానికెత్తాడు. రోహిణి ఎండలోనూ తమ ఇంట్లో పెరుగు పులవదన్నాడు. పులిస్తే సగం మీసం గొరిగించుకొని మరిపెడ దాకా నడిచొస్తానన్నాడు. రాజమౌళి నవ్వి, పెండ్లి భోజనాల బంతిలో చూద్దామన్నాడు.

సరిగ్గా పెండ్లినాడు పొద్దున్నే ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఫ్రిజ్ వట్టి బీరువా అయింది. మగపెండ్లి వాళ్ల కోసం తోడేసిన కుండెడు పెరుగు మధ్యాహ్నానికి పులిసిపోతుందని సారలమ్మ భయం. మీసం ఆయనది, పరువు తనది.

మొగిలయ్య జంకలేదు. తన తాత రెండు కుండల నడుమ తడి ఇసుక పోసి, వానాకాలపు వడగళ్లను దసరా దాకా దాచాడట. పెద్ద కొడుకు పెండ్లి నాటి ఐరేని కుండల్లో పెద్దది తెచ్చాడు. దానికి నీలం ఆయిల్ పెయింటు పూసి నెమళ్లు గీసింది తనే. అందులో ఇసుక పోసి, పెరుగు కుండ దించి, నీళ్లు చల్లి, అందరికీ కనబడేలా పందిట్లో పెట్టాడు.

కాసేపటికి సారలమ్మ చెయ్యి పెట్టి చూసింది. లోపల ఇసుక తడిగానే ఉంది. బయట కుండ ఎండిన చెక్కలా, వేడిగా ఉంది.

"రంగేసి దాని ఒళ్లంత మూసినవ్ గదయ్యా. చెమట పట్టకుంట సల్లగెట్లయితది?"

పెరట్లో బర్రెల కుడితి గోలెం ఉంది. రంగూ రూపూ లేని మట్టి గోలెం. దాన్ని బూడిదతో తోమి, కడిగి, వాగు ఇసుక నింపి, నడుమ పెరుగు కుండ దించింది. మీద తడి గోనె కప్పి, వడగాడ్పు నేరుగా తగిలే పెరటి సందులో పెట్టింది. మొగిలయ్య బోరింగు కొట్టి నీళ్లు మోస్తూనే ఉన్నాడు. ఈ గోలెం సంగతి మరిపెడ వాళ్లకు పొక్కకూడదని ఇంట్లో అందరికీ ఒట్టు పెట్టించాడు.

బంతిలో రాజమౌళి పెరుగన్నం ముద్ద నోట పెట్టుకొని ఆగిపోయాడు. ఇంకో ముద్ద తిన్నాడు. కరెంటు లేదు గదా, ఏ ఫ్రిజ్‌లో పెట్టారని మెల్లగా అడిగాడు.

మొగిలయ్య నోరు తెరిచాడు. వడగళ్లు రాలేదు, కొంగా రాలేదు. తను పెట్టించిన ఒట్టు తనే మరిచి, వియ్యంకుణ్ణి చెయ్యి పట్టుకొని పెరట్లోకి తీసుకుపోయాడు. గాడ్పు మొహాలు మాడుస్తోంది. గోలెం ఒళ్లంతా చెమ్మ. రాజమౌళి అరచెయ్యి ఆనించి, చప్పున తీసి, మళ్లీ ఆనించాడు.

"గింత మంట గాలిల గిదెట్ల సల్లగున్నది బావా?"

"గా గాలే సల్లవరుస్తాంది అన్నా," అంది వెనక నుంచి సారలమ్మ. "అది తడిని ఎత్తుకపోతాంటే, దాంతోటి వేడి గూడ పోతాంది. గాడ్పు ఎంత కొడితే గంత మంచిది."

మొగిలయ్య కూడా గోలేనికి చెయ్యి ఆనించాడు. ఇద్దరూ చేతులు తీయకుండా అలాగే నిలబడ్డారు. మొగిలయ్య తన నిండు మీసం ఒకసారి తడుముకొని, బిందె అందుకొని గోనె మీద ఇంకాసిని నీళ్లు పోశాడు.