మా రిఫరెన్సు మేడం తరఫున ఒక తప్పొప్పుల పట్టిక

మేడం పోయారన్న కబురు నాకు ఆ మనిషి ద్వారానే రావాలా! మంగళవారం పొద్దున గుడివాడలో మా కాలేజీ లైబ్రరీ తాళం తీస్తుంటే ఫోన్ మోగింది. బందరు లైబ్రరీ పాత పాఠకుల వాట్సాప్ గ్రూపు. 'మన లైబ్రరీలో చిరకాలం పనిచేసిన అటెండరమ్మ కన్నుమూశారు. నా గ్రంథరచనలో ఆమె అందించిన చేయూత మరువలేనిది.' కింద ఆయన పేరు, పేరుకి ముందు డాక్టర్, పేరుకి వెనక చరిత్రకారుడు. దాని కింద వరసగా దండాల బొమ్మలు. తాళంచెవి చేతిలో పట్టుకుని గుమ్మం మీదే కూలబడ్డాను. ముందు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఏడుపు బందరు బస్సెక్కాక, కవుతరం దాటాక వచ్చింది.

అటెండరమ్మట! ఇరవై ఏళ్ళు రిఫరెన్సు టేబుల్ వెనక కూర్చున్న మనిషిని పట్టుకుని! పోయినవాళ్ళ గురించి నాలుగు మంచిమాటలు రాసి ఊరుకోవడం మర్యాద అని నాకూ తెలుసు. మంచిమాటలు రాస్తాను. ఊరుకోవడం మాత్రం నా వల్ల కాదు, నాకు కసిగా ఉంది.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. రిఫరెన్సు లైబ్రేరియన్ అంటే పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే మనిషి కాదు. మీరు ఒక ప్రశ్నతో వెళ్తే, దాని జవాబు ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో వెతికి మీ ముందు పెట్టే మనిషి. ఈ ఉద్యోగంలోకి సూటిదారిన వచ్చినవాళ్ళని నేను ఇంతవరకూ చూడలేదు. మేడం కంటే ముందు ఆ టేబుల్ దగ్గర కూర్చున్నాయన అచ్చాఫీసులో అక్షరాలు పేర్చి, కళ్ళు దెబ్బతిని ఇటు వచ్చారట. నేను పెడన అమ్మాయిని, మాది కలంకారీ అద్దకం ఇల్లు. బట్టలు ఉడకబెట్టి కాలవలో జాడించిన చేతులు నావి. గ్రూప్స్ పరీక్షలకి చదువుకుందామని బందరు లైబ్రరీకి వచ్చి, రెండుసార్లు తప్పి, మూడోసారికి కూర్చుంటే మేడం వచ్చి పక్కన నిలబడ్డారు.

"అమ్మాయ్, ఈ పరీక్షలు నీకు రావు గానీ, ఈ హాల్లో సగంమందికి పుస్తకాలు నువ్వే వెతికి పెడుతున్నావు. చూస్తూనే ఉన్నాను. లైబ్రరీ కోర్సు చెయ్యి."

అలా చేశాను. కోర్సయ్యాక మేడం టేబుల్ దగ్గరే పని నేర్చుకుని, తర్వాత గుడివాడ కాలేజీకి వచ్చాను. ఇవాళ నేను తినే అన్నం ఆవిడ అన్న ఆ రెండు మాటలది.

మేడం పుట్టింది నాగాయలంక అవతల ఒక లంకలో. వాళ్ళ నాన్నది పడవ, జనాన్ని ఏరు దాటించేవాడు. మేడం మిషన్ హాస్టల్లో ఉండి బందరులో చదువుకుని, గుడివాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో టెంపరరీ ఆపరేటరుగా చేరారు. ఉప్పెన వచ్చినప్పుడు ఆవిడ ఆ సీట్లోనే ఉన్నారు. దివిసీమ వైపు లైన్లన్నీ తెగిపోయాయి. ఎక్కడెక్కడి నుంచో జనం ఫోన్ చేసి, మా అమ్మ ఉందా, మా తమ్ముడు ఉన్నాడా అని ఈవిడని అడిగేవారట. ఈవిడ ఇంటి సంగతే ఈవిడకి తెలియదు.

"తెలియదండీ అని ఫోన్ పెట్టెయ్యడం నాకు చేతకాలేదే. పేరూ ఊరూ రాసుకునేదాన్ని. తెలిశాక నేనే ఫోన్ చేసి చెప్పేదాన్ని" అన్నారు ఒకసారి. రిఫరెన్సు పని ఆవిడకి అక్కడే మొదలైందని నేను అనుకుంటాను.

తర్వాత ఎక్స్ఛేంజీలో ఆటోమేటిక్ మిషన్లు వచ్చాయి, టెంపరరీవాళ్ళని ఇంటికి పంపారు. బందరు లైబ్రరీలో అటెండరుగా చేరి పుస్తకాల దుమ్ము దులిపారు. అది నిజమే, దాచాల్సింది ఏమీ లేదు. దులుపుతూ దులుపుతూ ఏ పుస్తకం ఎక్కడుందో, అందులో ఏముందో తెలుసుకున్నారు. పిల్లల్ని పడుకోబెట్టి కోర్సు పాఠాలు చదివారు, పరీక్ష రాసి పాసయ్యారు, రిఫరెన్సు టేబుల్ దగ్గరికి వచ్చారు. కొప్పులో ఒక పెన్సిలు, చేతిలో నీలం సిరా పెన్ను, బీరువాల మధ్య తిరుగుతుంటే నోట్లో ఏదో కీర్తన కూనిరాగం. నేను చూసిన మేడం అదీ.

ఒకరోజు కృత్తివెన్ను నుంచి ఒకాయన వచ్చాడు.

"కెమిస్ట్రీ పుస్తకం కావాలండీ."

"పిల్లలకాండీ?" అన్నారు మేడం.

"కాదండీ, నాకే."

నేనైతే కెమిస్ట్రీ బీరువా చూపించి నా పని నేను చూసుకునేదాన్ని. మేడం కుర్చీ ముందుకు జరిపి, "కూర్చోండి. పొద్దున్నే బయల్దేరారా? టిఫినైనా చేశారా?" అన్నారు. ఆయన కూర్చున్నాడు. కాసేపు టవలుతో మొహం తుడుచుకున్నాడు. "చెరువులో నీళ్ళ రంగు తిరిగిపోయిందండీ. రొయ్యలు పైకి తేలుతున్నాయి. ఒక్కొక్కరు ఒక్కో మందు చెప్తున్నారు" అన్నాడు. మేడం తెచ్చింది కెమిస్ట్రీ పుస్తకం కాదు. చెరువు నీళ్ళ మీద తెలుగులో వచ్చిన చిన్న పుస్తకాలు మూడు తెచ్చి, కావలసిన పేజీల్లో చీటీలు పెట్టి ఇచ్చారు.

"జనం మొదట అడిగేది వాళ్ళకి కావలసింది కాదే అమ్మాయ్. ఇంకో రెండు మాటలు మాట్లాడనివ్వాలి. ఎక్స్ఛేంజీలో నేర్చుకున్నా" అన్నారు ఆయన వెళ్ళాక.

ఇప్పుడు ఆవిడ కార్డుల సంగతి చెప్పాలి. ఎవరు ఏ ప్రశ్న అడిగినా, జవాబు ఒక అట్టకార్డు మీద రాసి పెట్టెలో పెట్టేవారు. దివిసీమ ఊళ్ళ గురించే నాలుగు పెట్టెలు నిండాయి. అందులో ఆవిడ పద్ధతి ఒకటి ఉంది. కాగితం మీద ఆధారం దొరికితే సిరాతో రాసి, పుస్తకం పేరు, పేజీ వెయ్యాలి. ఎవరో చెప్పగా విన్నదైతే పెన్సిల్‌తో రాయాలి. ఆధారం దొరికాక పెన్సిల్ చెరిపి సిరాతో రాయాలి. "పెన్సిల్‌తో రాసింది నమ్మకు. అది ఇంకా వెతకాల్సినది" అనేవారు.

కొత్తలో ఒక పెన్సిల్ కార్డు నా కంటపడింది. 'ఉప్పెనలో ఫలానా లంక పడవవాడు జనాన్ని వదిలేసి తన ఇంటివాళ్ళని మాత్రం తీసుకుని వెళ్ళిపోయాడని అంటారు.'

"ఎవరు మేడం ఈ దుర్మార్గుడు?" అన్నాను.

"మా నాన్నే."

"మీ నాన్నగారి మీద మీరే రాశారా?" అన్నాను.

"ఊళ్ళో అనుకుంటున్నారు కదే. నాన్న కదా అని అది ఒక్కటీ రాయకపోతే ఇంక ఈ కుర్చీలో నేనెందుకు?"

"నిజమేనా మరి?"

"తెలియదు. ఆయన్ని అడిగాను, నోరు విప్పకుండానే పోయాడు. వెతుకుతున్నా" అని ఆ కార్డు మళ్ళీ దాని చోట్లో పెట్టారు.

చరిత్రకారుడుగారు ఆ టేబుల్ దగ్గరికి ఏళ్ళ తరబడి వచ్చాడు. అడిగేది ఆయన, లేచి వెతికేది మేడం, కూర్చుని నోట్సులో ఎక్కించుకునేది ఆయన. మేడం రిటైరయ్యే వారం వచ్చి, "ఆ నాలుగు పెట్టెలూ ఒక్కపూట ఇవ్వమ్మా, చూసి ఇచ్చేస్తాను" అన్నాడు. పాఠకుడు అడిగితే లేదనడం ఆవిడకి రాదు. "పెన్సిల్‌తో ఉన్నవి ఇంకా తేలలేదు సార్, వాటిని వాడకండి" అని నా ఎదురుగానే చెప్పారు. "సరేలేమ్మా" అంటూనే పెట్టెలు ఆటోలో పెట్టించుకున్నాడు. కోనేరు సెంటర్లో మొత్తం జిరాక్స్ తీయించి, పెట్టెలు మేడంకి తిప్పి పంపాడు. జిరాక్సులో సిరా నలుపే, పెన్సిలూ నలుపే. ఏది ఏదో అడుగుదామన్న బుద్ధి ఆ మహానుభావుడికి పుట్టలేదు.

పుస్తకం వచ్చింది. సన్మానాలు, శాలువాలు. కృతజ్ఞతల పేజీలో వాళ్ళ అల్లుడున్నాడు, పళ్ళ డాక్టరున్నాడు, మేడం లేరు. అక్కడితో ఆగినా నేను తిట్టుకుని ఊరుకునేదాన్నేమో. లోపల, 'జనాన్ని గాలికొదిలి పలాయనం చిత్తగించిన పడవవాడు' అని ఇంటిపేరుతో సహా అచ్చేశాడు. 'అంటారు' అన్న ఒక్క మాట ఎగరగొట్టేశాడు. మేడం కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చదివారు. "పెన్సిలువి కూడా ఎక్కించేశాడే" అన్నారు.

మర్నాటి నుంచి దివిసీమ బస్సులు పట్టుకుని తిరగడం మొదలుపెట్టారు, ఆ అరిగిన మోకాళ్ళతోనే. అవనిగడ్డ, నాగాయలంక, ఆ పక్క పల్లెలు. ఎవరెవరో పెద్దవాళ్ళు పడవవాడు మంచివాడే అన్నారు. నోటిమాట గనక అదీ పెన్సిలే. ఏడాదిన్నరకి ఒక చిన్న చర్చి పెట్టెలో అప్పటి పాస్టరుగారి చేతిరాత రిజిస్టరు దొరికింది. నీళ్ళు వచ్చిన మర్నాడు చర్చి మెరక మీదికి చేరినవాళ్ళ పేర్లు, ఎలా చేరారో పక్కనే. నాలుగు దఫాలు పడవ వచ్చింది. నాలుగు దఫాలూ పడవ నడిపింది ఆయనే. సొంత భార్యాబిడ్డల పేర్లు ఆఖరి పడవలో ఉన్నాయి.

ఆ సాయంత్రం నన్ను పిలిపించి, నా ముందే పెన్సిల్ చెరిపి సిరాతో రాశారు. "నాన్నని నేనూ అనుమానించానే" అని వెక్కి వెక్కి ఏడ్చారు.

రెండో ముద్రణ వస్తోందని తెలిసి, ఆ రిజిస్టరు పేజీ ఫోటో పట్టుకుని ఇద్దరం ఆయన ఇంటికి వెళ్ళాం. వరండాలోనే నిలబెట్టాడు.

"ఎవరో పాస్టరు రాసుకున్న చిట్టా ఆధారమంటే ఎలాగమ్మా? పుస్తకాలు అందించడం వేరు, చరిత్ర రాయడం వేరు. అటెండర్లు చెప్పారని గ్రంథాలు మారుస్తామా?"

మేడం గొంతు పెంచలేదు. "మీరు రాసినదానికి ఆధారం చెప్పండి సార్. పుస్తకం పేరు, పేజీ చెప్తే చాలు, నేనే వెతుక్కుంటాను."

ఆయన ఫోన్ చూసుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. రెండో ముద్రణ వచ్చింది, ఆ వాక్యం చెక్కుచెదరలేదు. ఆ వానాకాలమే మేడం మంచం పట్టారు. ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని, "మార్చాడా?" అని అడిగారు. "మారుస్తానన్నాడు మేడం" అన్నాను. ఆధారం లేని మాట ఆవిడ దగ్గర నేను ఆడింది అదొక్కటే. ఆవిడ దాన్ని నమ్మి పోయారు. ఆ అబద్ధాన్ని నిజం చెయ్యకపోతే నేను మనిషినే కాదు.

జ్ఞాపకార్థ కూడికలో ఆయన మైకు పట్టుకుని, "పాపం, అమాయకురాలు" అన్నాడు. అక్కడే నిలువునా కడిగేద్దామని లేచాను. అంతలో పాస్టరుగారు ప్రార్థన చేద్దామన్నారు, అందరూ తలలు వంచారు, నేనూ కూర్చున్నాను. కళ్ళు మూసుకుంటే ఒకటే తోచింది. ఇప్పుడు అరిస్తే సాయంత్రానికి మర్చిపోతారు. అచ్చులో చేసిన తప్పుకి అచ్చులోనే జవాబు పడాలి.

పుస్తకాల్లో తప్పొప్పుల పట్టిక అతికించడం మనకి కొత్తేం కాదు. ఒక చీటీ కంపోజ్ చేయించాను. తప్పు: పడవవాడు పారిపోయాడు. ఒప్పు: నాలుగు దఫాలు జనాన్ని చేర్చాడు, సొంతవాళ్ళని ఆఖరున తెచ్చుకున్నాడు. ఆధారం: చర్చి రిజిస్టరు, ఫలానా పేజీ. వెతికినవారు: అంటూ మేడం పూర్తి పేరు, దాని కింద రిఫరెన్సు లైబ్రేరియన్. ఆ పేరు ఇక్కడ రాయను. కావలసినవాళ్ళు లైబ్రరీకి వెళ్ళి పుస్తకం తెరిచి చూసుకోండి. ఆవిడున్నా మీకు అదే చెప్పేవారు.

మైదా ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి, బైండింగువాళ్ళ జిగురు చేశాను. సెలవలు పెట్టి చల్లపల్లి, అవనిగడ్డ, నాగాయలంక, కృత్తివెన్ను తిరిగాను. ఆ పుస్తకం ఉన్న ప్రతి లైబ్రరీలో, ప్రతి కాపీలో, మొదటి పేజీ మీద ఆయన పేరుకి ఆనించి అతికించాను. లైబ్రేరియన్ చెయ్యాల్సిన పనేనా అంటారా? కాదు. చేశాను. ఒక్కో కాపీ మూస్తుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

పోయిన గురువారం ఆయన గుడివాడ వచ్చాడు. నా టేబుల్ మీద తన పుస్తకం తెరిచి పెట్టి, "ఎవరు చేశారమ్మా ఈ పని?" అన్నాడు.

"నేనేనండీ."

"నా పుస్తకం మీద చీటీ వెయ్యడానికి నువ్వెవరు?"

"చీటీలో ఉన్నది తప్పని చూపించండి సార్, ఈ క్షణమే తీసేస్తాను. ఏ పుస్తకం, ఏ పేజీ?"

హాల్లో చదువుకుంటున్నవాళ్ళు తలలెత్తారు. ఆయన మొహం మాడిపోయింది. చీటీ అంచు గోటితో గీకడం మొదలుపెట్టాడు. అది రాలేదు. ఇంకాస్త గట్టిగా పట్టి లాగాడు. చర్రున ఊడింది, దాంతోపాటు కిందా పక్కనా ఉన్న కాగితమూ ఊడింది. డాక్టరుతో సహా ఆయన పేరు మొత్తం చీటీకి అంటుకుని ఆయన వేళ్ళకి వేలాడుతోంది. పేజీ మీద ఆ మేర కన్నం పడింది.

సొరుగు లాగి ఇంకో చీటీ తీశాను. ఆయన చూస్తుండగానే వెనక జిగురు రాసి, కన్నం మీద పెట్టి, మేడం పేరు మీద అరచెయ్యి ఆనించి గట్టిగా అదిమాను. ఆయన వెళ్ళిపోయాక కూడా ఆ చెయ్యి తియ్యబుద్ధి కాలేదు.