తెల్ల చొక్కాలు, ఎర్ర బల్బులు

జనగామలో మా కుట్టు షెడ్డుకు బడిపిల్లల యూనిఫారాలే బతుకుతెరువు. జూన్‌లో బడులు తెరిచేసరికి మూటలు చేరాలి. మేం ఏ ఏడూ చేర్చలేదు. బడి మొదలైన వారానికో, రెండు వారాలకో మహబూబాబాద్, భూపాలపల్లి వెళ్లి, హెడ్మాస్టర్ల ముందు ఏదో ఒక సాకు చెబుతూ నవ్వు ముఖంతో నిలబడడం నా వంతు. మిషన్లు చాలకనే ఆలస్యమవుతోందని నా గట్టి నమ్మకం.

ఒక ఏప్రిల్‌లో మా చిన్న ఆడబిడ్డ నాలుగు రోజులు ఉండి పోదామని వచ్చింది. ఆమె హైదరాబాద్‌లో మోటారు విడిభాగాల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. వచ్చిన పూటే మా షెడ్డులో రభస. ఇస్త్రీ చేసే అక్క ఒక చొక్కా పైకెత్తి, "గిదేందే, జేబు కుడిదిక్కున్నది!" అని అరిచింది. మూట విప్పి చూస్తే అన్నీ అంతే. జేబులు కుట్టే పిల్ల గుర్తులు తారుమారు చేసుకుని రోజంతా కుట్టేసింది. ఆ తప్పు జేబుల మీదే కాలర్లు పడ్డాయి, చేతులు పడ్డాయి, కాజాలు, గుండీలు కూడా పడ్డాయి.

అందరం కూర్చుని కుట్లు విప్పుతుంటే ఆడబిడ్డ కూడా బ్లేడు పట్టుకుని నా పక్కన చేరింది.

"వదినా, జేబు కుట్టినంక ఈ అంగి ఎంతమంది చేతులల్ల పడ్డది?"

"అందరి చేతులల్ల."

"మరి ఒక్కలన్న చూడలేదా?"

"చూసెటందుకు టైమేడిది? ఉర్కుడే సరిపాయె."

మర్నాడు పొద్దున్నే ఆమె తన ఫోన్‌ను బీరువా మీద నిలబెట్టి షెడ్డంతా కనిపించేలా వీడియో పెట్టింది. సాయంత్రం చాయ్ వేళ అందరినీ పిలిచి, రోజంతా జరిగిన పనిని గిర్రున తిప్పి చూపించింది. మేమంతా చీమల్లా పరుగెడుతున్నాం. చంకలో మూటతో అటూ ఇటూ తిరుగుతున్న ఆకుపచ్చ చీర నాదే. కాలర్లు కుట్టే మిషన్ ఒక మూల, చేతులు కుట్టేది ఇంకో మూల, కాజా మిషన్ వాకిలి దగ్గర. ఒక్కో మూట షెడ్డు చుట్టూ తిరిగినంత సేపు సూది కింద ఉండడం లేదు. మా కటింగ్ మాస్టర్ బల్ల కిందికి వంగుతున్నాడు, లేస్తున్నాడు, గుడ్డలు ఎత్తి చూస్తున్నాడు.

"యా అల్లా!" అన్నాడాయన పొట్ట పట్టుకుని నవ్వుతూ. "నేను కత్తెర పట్టిందానికంటె కత్తెర ఎతికిందే ఎక్కువున్నది గదా!"

ఆ నవ్వే మాకు మేలు చేసింది. తప్పు ఫలానావాళ్లదని ఎవరికీ అనిపించలేదు. ఆడబిడ్డ సెలవు పొడిగించుకుంది. మర్నాడే మిషన్లన్నీ గుర్రపు లాడం ఆకారంలో జరిపాం. ఒకరు కుట్టింది చెయ్యి చాస్తే పక్కవాళ్లకు అందాలి. పెద్ద మూటలు బంద్. చిన్న బుట్టలో పట్టినన్నే. పక్కామె బుట్ట నిండితే కుట్టడం ఆపి, ఆమెకు సాయం పట్టాలి. మాస్టర్ కత్తెరకూ టేపుకూ సుద్దముక్కకూ గోడ మీద వాటి ఆకారంలోనే రంగు వేశాం, ఖాళీ ఉంటే దూరానికే తెలిసేలా.

ఇక ఆమె తెచ్చిన అసలు వింత, ఎర్ర బల్బులు. పెళ్లి పందిళ్లకు లైట్లు కట్టే అతన్ని పిలిపించి ప్రతి మిషన్‌కూ ఒక బల్బు, ఒక స్విచ్ పెట్టించింది. కుట్టులో ఏ అనుమానం వచ్చినా స్విచ్ వేయాలి. బల్బు వెలిగితే నేను వెళ్లాలి.

మొదటి రోజు బల్బులు వెలుగుతూనే ఉన్నాయి. ఉరుక్కుంటూ పోతే, "ఏం లేదక్కా, చాయ్ ఎప్పుడొస్తదని," అంది ఒకామె. ఇంకొకామెకు కిటికీ తెరవాలట. కాలర్లు కుట్టే ఆమె, పక్కామె బుట్ట నిండిపోయేసరికి, ఖాళీగా కూర్చోలేక ఇబ్బంది పడింది. "చేతులు ముడుసుకొని కూసుంటే నాకు మనసున పడ్తలేదక్కా," అంది. లేచి పక్కామెకు గుండీలు అందించింది. సాయంత్రానికి లెక్క చూస్తే మామూలుకంటే తక్కువ చొక్కాలు తేలాయి. మిషన్లు మళ్లీ ఎక్కడివక్కడ పెట్టిద్దామా అని ఆడబిడ్డను అడిగాను.

"జర ఓపిక పట్టు వదినా," అంది ఆమె.

రెండు రోజుల తరువాత కాలర్ల ఆమె బల్బు వెలిగింది. ఈసారి కూడా చాయేననుకుని మెల్లగా వెళ్లాను. ఆమె చొక్కా చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. "అక్కా, జేబు మల్ల కుడిదిక్కు వచ్చింది." బుట్టలో ఉన్న నాలుగు చొక్కాలే పాడయ్యాయి. జేబులు కుట్టే పిల్ల నాలుక కరుచుకుంది. మాస్టర్ లేచి వచ్చి, గుడ్డ మీద ఎడమవైపు అని తెలిసేలా పెద్ద సుద్ద గుర్తు పెట్టే పద్ధతి అప్పటికప్పుడు మొదలుపెట్టాడు. విప్పడం, మళ్లీ కుట్టడం చాయ్ చల్లారేలోగా అయిపోయింది. ఇస్త్రీ అక్క దూరం నుంచే చప్పట్లు కొట్టింది. మిషన్లు వెనక్కి జరిపే ఆలోచన నా బుర్రలోంచి ఆ క్షణమే పోయింది.

తరువాత పని దానంతటదే సాగింది. మే నెల చివర్లో ఒక పొద్దున చూస్తే ఇస్త్రీ బల్ల దగ్గర చొక్కాలు లేవు. అన్నీ మూటలు కట్టేశారు. అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

ఇస్త్రీ అక్కనూ మాస్టర్‌నూ తోడు తీసుకుని గూడ్స్ ఆటోలో బయల్దేరాను. మహబూబాబాద్ మూటలు అక్కడ దింపి భూపాలపల్లి చేరేసరికి బడి గేటుకు తాళం. వాచ్‌మన్ మమ్మల్ని అనుమానంగా చూశాడు.

"బడి తెరిచినంక గదా మీరొచ్చేది? ఈయేడు ఏమైంది? పరేషానేమన్న వచ్చిందా?"

"పని అయిపోయిందన్నా," అన్నాను.

అతను నమ్మలేదు. హెడ్మాస్టర్‌కు ఫోన్ చేశాడు. ఆయన లుంగీ మీదే స్కూటర్ ఎక్కి వచ్చి, మూట విప్పి, రెండు చొక్కాలు వెలుతురులో తిప్పి చూసి, "ఈసారి నేను తిట్టెటందుకు మీరేం మిగిలియ్యలేదు," అని నవ్వుతూ గది తాళం తీశాడు.

తిరుగు దారిలో రోడ్డు పక్కన తాటిముంజలు అమ్ముతుంటే బండి ఆపించాం. ఎండ దంచుతోంది. మాస్టర్ తనకొద్దన్నాడు. ఒకటి రుచి చూసి, తరువాత మా ఇద్దరికంటే ఎక్కువ తిన్నాడు. ఇస్త్రీ అక్క రవికె మీద నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. మాకెవరికీ తొందర లేదు.