కరెంటు వస్తే లేచే పెట్టె

మా ఇంటి మిద్దె మీద ఒక ఇనుప గొట్టం ఉంది. దాని కొసన చిటికెన వేలంత కడ్డీ. అక్కడి నుంచి ఒక వైరు గోడ వెంబడి దిగి, వంటింటి పక్క గదిలో, గూట్లో ఉన్న పెట్టెలోకి పోతుంది. పెట్టె అంటే పెద్దదేమీ కాదు, టిఫిను డబ్బా అంత. పలమనేరు దాటి అడవి వైపు వచ్చేకొద్దీ ఫోన్లు పలకవు. అందుకని నా పెనిమిటి, పాలకేంద్రం నడిపే అతను కలిసి చుట్టుపక్కల పల్లెల్లో ఒప్పుకున్న ఇళ్ల మీదంతా ఇలాంటివి పెట్టారు. ఒక ఇంటి పెట్టె చెప్పింది పక్క పల్లెలో ఇంకో పెట్టె వింటుంది. అది ఆ పక్కదానికి చెబుతుంది. టవరుతో పని లేదు. ఏనుగులు అడవి దిగితే ముందు చూసినవాళ్లు ఫోనులో నాలుగు మాటలు కొడితే చాలు, అవి పల్లె పల్లె దాటుకుంటూ పోతాయి. టమాటా, అరటి నమ్ముకుని బతికేవాళ్లం. మాకు అంతకంటే పెద్ద కబురు లేదు.

నాకు సంతకం వచ్చు. ఆయన పేరు రాసి ఉంటే గుర్తుపడతాను. అంతకు మించి చదువు లేదు. ఇది నేను చెబుతుంటే నా చెల్లెలి కూతురు రాస్తోంది.

ఆయన మోటార్లకు వైండింగు చుట్టేవాడు. పెట్టె పెట్టిన కొత్తలో దాని ముందు నిలబడి అడిగాను.

"బొమ్మ లేదు, పాట లేదు. ఏం చేస్తా ఉండాది ఇది?"

"మన ఆవు పండుకోనుంటే ఏం చేస్తా ఉంటాది?"

"పండుకోనుంటాది."

"నెమరేస్తా ఉంటాదే పిచ్చిదానా. దీని లోపల ఒక ప్రోగ్రాం అట్నే. మనం చూసినా చూడకపోయినా దాని పని అది చేసుకుంటా ఉంటాది."

"ఆవయితే పాలిస్తాది."

"ఏనుగు వచ్చే రోజు తెలుస్తాదిలే నీకు, ఇది ఏమిస్తాదో."

కరెంటు పోయి వచ్చినప్పుడు ఎవరూ ముట్టకుండా దానంతట అదే లేచేటట్టు చేశాడు. లేవగానే తాను ఉన్నానని అన్ని పల్లెలకూ చెప్పాలి. ఏమని చెప్పాలో ఆయనే రాశాడు. 'ఉండాను.' ఆ ఒక్క మాటే. మాటకు ముందు పెట్టె పేరు కనిపిస్తుంది. పేరు తనదే పెట్టుకున్నాడు.

ఆ పేరు పెళ్లయిన నాటి నుంచి నా నోట రాలేదు. మా పక్క ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. రేషను కాడ అడిగితే నా పక్కన నిలబడిన మనిషి చెప్పాలి.

పెట్టెకు ఉన్న బ్యాటరీ ఉబ్బిపోతే పీకేశాడు. చిత్తూరుకు పోయినప్పుడు కొత్తది తెస్తానన్నాడు. ఈలోగా కడుపులో నొప్పి అన్నాడు. తిరుపతి ఆసుపత్రికి తీసుకుపోయాం. వ్యానులో తిరిగి తెచ్చుకున్నాం.

చావింటికి ఇప్పుడు అద్దాల ఫ్రీజరు తెస్తారు కదా. దూరం చుట్టాలు వచ్చేదాకా ఆయన్ను అందులో ఉంచారు. దాని ప్లగ్గు పట్టే బోర్డు మా ఇంట్లో ఒక్కటే ఉంది, గూటి పక్కన. పెట్టె ప్లగ్గు పీకి ఫ్రీజరుది పెట్టారు. ఆయన బతికి ఉంటే ఆ ప్లగ్గు పీకినవాణ్ని తిట్టి ఉండేవాడు. ఆయన కోసమే పీకారు.

శవాన్ని ఎత్తుకుపోయాక ఫ్రీజరు వాళ్లు తమది తీసుకుని వెళ్లారు. ఆడవాళ్లం ఇల్లు కడగడానికి మిగిలాం. మా తోడికోడలు చీపురు పట్టుకుని గూటి దగ్గరకు పోయి, వేలాడుతున్న వైరు చూసింది.

"ఇది పీకితే బావ ఊరుకోడు కదక్కా" అంటూ బోర్డులో పెట్టేసింది. అన్నాక గానీ ఏమన్నదో దానికి తెలియలేదు. అక్కడే కూలబడి ఏడ్చింది.

ఊరి బయట, పాలకేంద్రం ఎదురుగా, పాడె దింపే చోటు ఉంది. దింపుడు కల్లం అంటాం. పోయిన మనిషి చెవి దగ్గర నోరు పెట్టి పేరు పెట్టి పిలుస్తారు. ప్రాణం ఏ మూలన అయినా ఉంటే పలుకుతాడని. మూడుసార్లు పిలవాలి. ఆడవాళ్లం అక్కడికి పోము. జరిగింది నాకు తర్వాత చెప్పారు.

మరిది వంగి అన్న పేరు పిలిచాడు. రెండోసారి పిలిచాడు. మూడోసారి పిలిచి తల ఎత్తేలోపల, పాడె మోసిన పాలకేంద్రం అతని జేబులో ఫోను మోగింది. వెంటనే ఇంకొకరిది. వాళ్ల ఫోన్లు పాలకేంద్రం మీది పెట్టెకు తగులుకుని ఉన్నాయి. తీసి చూస్తే ఆయన పేరు. పేరు వెనక ఉండాను అని.

పలకల మోత ఆగిపోయిందట. ఎవరో గుడ్డ తీసి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశారు. ఎవరో కాళ్లు రుద్దారు. ఒక మనిషి రోడ్డు మీద పరుగెత్తుకుంటూ మా ఇంటికి వచ్చి, వాకిట్లో రొప్పుతూ చెప్పాడు.

"పలికినాడంట. పిలిస్తే పలికినాడంట."

నా చేతిలో చెంబు ఉంది. అది కింద పడలేదు, నేనూ అరవలేదు. అన్నం వండలేదే, వస్తే ఏం పెట్టేది అనుకున్నాను. ఆ కాస్త సేపు నాకు మొగుడున్నాడు. ఆ తర్వాత పాలకేంద్రం అతను వచ్చాడు. మొహం చూడగానే నాకు అర్థమైంది. తిన్నగా గదిలోకి పోయి, పెట్టె మీద వెలుగుతున్న పచ్చ దీపం చూసి, తల గోడకు ఆనించుకున్నాడు.

"ఇది లేచినాది వదినా" అన్నాడు.

ఒకసారితో పోతే మరిచిపోయేవాళ్లేమో. బ్యాటరీ లేదు. మాకు కరెంటు నిలకడగా ఉండదు. పోయి వచ్చినప్పుడల్లా పెట్టె లేచేది. లేచినప్పుడల్లా అన్ని పల్లెల ఫోన్లలో ఆయన పేరు, ఆ మాట. పాలు పోయడానికి వచ్చిన ఆడవాళ్లు ఫోను తీసి కళ్లకద్దుకున్నారని ఒకరు, బోర్లించి పెట్టి ఉమ్మేశారని ఇంకొకరు చెప్పారు. సందకాడ మా వీధి వెంట నడవడం మానేశారు కొందరు.

నా సంగతి వేరు. కరెంటు పోతే గదిలోకి పోయి గూటి ముందు కూర్చునేదాన్ని. దీపం ఆరి ఉండేది. కరెంటు వచ్చేది. ముందు ఎర్రగా, తర్వాత పచ్చగా. ఆయన మూసిన కన్ను తెరిచినట్టుగా ఉండేది. కరెంటు పోకుండా ఉన్న పూట నాకు కోపం వచ్చేది, ఈ రోజు రాడా అని.

పెద్దకర్మ దగ్గర పడుతోంది. మరిది వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. పాలకేంద్రం అతన్ని కూడా పిలిపించాడు.

"పెద్దకర్మకు ముందే దాన్ని తీసేయండి వదినా. పోయిన మనిషిని పూటకొకసారి పేరు పెట్టి లేపుతా ఉంటే యాడికి పోతాడు? ఈడనే తిరగతాడు."

"తీస్తే కొండ ఎనక పల్లె సంగతేందప్పా?" అన్నాడు పాలకేంద్రం అతను. "వాళ్లకు ఈ మిద్దె మీద నుంచే మాట పోవాల. ఇంకో దోవ లేదు. ఇది ఆరిపోతే వాళ్లు చెవిటోళ్లు."

"ఏనుగులు యాభై ఏండ్ల నుంచి వస్తా ఉండాయి. అప్పుడు ఏ పెట్టె ఉన్నింది?"

"అప్పుడు సచ్చినోళ్లను లెక్క పెట్టుకున్నావా నువ్వు?"

"నా అన్న నీకు వైరు ముక్కబ్బా. నాకు అన్న."

ఇద్దరూ నా వైపు చూశారు. నేనేం చెప్పేది? తీసేయమంటే ఆయన్ను రెండోసారి పంపినట్టు. ఉంచమంటే ఆయన్ను పోనియ్యనట్టు. కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. మరిది లేచి లోపలికి పోయి వైరు పీకేశాడు. మెల్లగానే పీకాడు. పీకి, వైరును చుట్ట చుట్టి పెట్టె మీద పెట్టాడు, అన్న నేర్పినట్టే.

ఆ తర్వాత కరెంటు పోయింది, వచ్చింది. గూడు చీకటిగానే ఉంది.

గున్న ఏనుగుతో పాటు మంద అడవి దిగింది. అడవి అంచున చూసినవాడు మామూలుగానే ఫోనులో కొట్టాడు. అది మా ఊరిదాకా వచ్చింది. మా మిద్దె దాటలేదు. కొండ వెనక పల్లెలో గడ్డికి పోయిన మొగుడూ పెళ్లాలు అరటి తోటలో వాటికి ఎదురుపడ్డారు. ఆమె బండల సందులో దూరింది. అతన్ని తల్లి ఏనుగు కాలువలోకి తోసేసింది. కాలు విరిగింది. ప్రాణం దక్కింది.

మర్నాడు పొద్దున ఆమె మా వాకిట్లోకి వచ్చింది. చావింటికి వచ్చినట్టు తల వంచుకుని రాలేదు. మోచేతులంతా గీరుకుపోయి ఉన్నాయి. తిడుతుందేమో, తిట్టనీ అనుకుని లేచి నిలబడ్డాను.

"అక్కా" అంది. "మీ ఆయన పేరు వస్తా ఉంటే మా ఊళ్లో అందరమూ భయపడినాము. రాకుండా పోయినాక ఇంకా భయమైంది. ఎందుకు రాలేదో అడుగుదామని నేనే అంటి. మా ఆయన, సచ్చినోడు రాకపోతే మంచిదే కదే అన్నాడు."

అంతే అంది. నీళ్లు తాగి వెళ్లిపోయింది.

నేను పాలకేంద్రానికి నడిచి పోయాను. పెద్దకర్మ కాకముందు గడప దాటకూడదు. అయినా దాటాను. దారిలో చూసినవాళ్లు పక్కకు తప్పుకున్నారు. అతను క్యాను మూత బిగిస్తున్నాడు.

"అది మళ్లా లేయాల" అన్నాను. "ఆయన పేరుతో వద్దు."

అతను చేతులు తుడుచుకున్నాడు. "మార్చొచ్చు వదినా. ఏం పేరు పెట్టేది?"

అప్పటిదాకా ఆలోచించలేదు. అత్తగారింట్లో నేను పెద్దకోడల్ని, తర్వాత వదినను, అక్కను, ఆయన పెళ్లాన్ని. నా పేరు చెప్పాను. నా చెవికే కొత్తగా వినపడింది.

"మీ పేరు అదా?" అన్నాడు అతను. ఇన్నేళ్లుగా మా ఇంట్లో కాఫీ తాగిన మనిషి.

ఇంటికి వచ్చి వైరు తగిలించి, తన ఫోనుతోనే ఏదో చేశాడు. మరిది వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. అడ్డం చెప్పలేదు. విరిగిన కాలు సంగతి అతనికీ చేరింది. దీపం ఎర్రగా వెలిగి పచ్చగా మారింది. పాలకేంద్రం అతని ఫోను మోగింది. నాకు చూపించాడు. నేను గీసే సంతకంలా లేదు, అది నా పేరని అతను చెబితేనే తెలిసింది. ఉండాను అన్న మాట మాత్రం మార్చలేదు.

"ఇంక అన్న పేరు అందరి ఫోన్లలోనూ తీసెయ్" అన్నాడు మరిది.

"అట్ల అయ్యేది కాదప్పా. ఒక్కో ఇంటి పేర్ల లెక్క ఆ ఇంటిదే. ఎవురి దాంట్లో ఉండేది వాళ్లే తీసుకోవాల. లేదంటే శానా దినాలు వినపడకపోతే దానంతట అదే పోతాది. అందరికీ పైన ఒకడు కూర్చోనుంటే వాడికి చెప్పి తీయిస్తాము. ఎవురూ లేరు ఈడ."

పెద్దకర్మ జరిగింది. గాజులు తీశారు. బంధువులు పోయారు. ఊళ్లో ఒక్కో ఫోనులో నుంచి ఆయన పేరు పోతూ వచ్చింది. పాలు పోయడానికి పోయినప్పుడు ఎవరో ఒకరు చెప్పేవారు, మాదాంట్లో పోయిందమ్మా అని, దోషం తీరినట్టు. పాలకేంద్రం అతన్ని మాత్రం, నీ దాంట్లో పోయిందా అని నేను అడగలేదు. అతనూ చెప్పలేదు.

టమాటా కోతలప్పుడు కొండ వెనక పల్లె ఆమె మా చేనికి కూలికి వచ్చింది. మధ్యాహ్నం అన్నాలు తిని గట్టు మీద కూర్చున్నాం. రవికలో నుంచి ఫోను తీసి నా ముందు పెట్టింది. పేర్లు వరుసగా ఉన్నాయి. అన్నింటికంటే కింద, మసక రంగులో, నేను చదవగలిగిన అక్షరాలు.

"మాదాంట్లో ఇంకా ఉండాడు అక్కా. ఎందుకు పోలేదో తెలీదు. తీసేయమంటావా?"

చెయ్యి చాపి ఆ అక్షరాల మీద వేలు పెట్టబోయి, వేలికి టమాటా పసరు ఉంటే చీరకు తుడుచుకున్నాను. తుడుచుకున్నాక కూడా పెట్టలేదు.

"నీ ఫోను, నీ ఇష్టం" అన్నాను.

ఆమె నా మొహం వైపు చూసింది. ఫోను రవికలో పెట్టుకుని, తట్ట ఎత్తుకుని సాలులోకి దిగింది.