ఆకు నమిలినవాళ్లు

ఇప్పుడు పెళ్లి తెంచుకోవాలంటే కోర్టులో అర్జీ పెట్టుకుంటున్నారు, ముద్ర పడిన కాగితం చేతికి వస్తోంది. నేను వయసులో ఉన్నప్పుడు మా నేతపనివాళ్లకు ఆ కాగితం మనుషుల నోళ్లలో ఉండేది. కులపెద్దలు ఐదుగురు కూర్చుంటే, మొగుడు ఒక తమలపాకు తీసుకుని ఈనె పొడవునా రెండుగా చించి, ఒక ముక్క తన వెనక్కి, ఒక ముక్క పెళ్లాం వైపు వేసేవాడు. ఆ తర్వాత అతని ఇంట్లో కట్టిన తాంబూలాలు ఐదుగురూ అక్కడే నమిలేవారు. నమిలినవాడే సాక్షి. ఆ ఆడది మళ్లీ మనువాడాలంటే, కొత్త సంబంధం వాళ్లు నమిలినవాళ్లలో ఒక్కరి నోటనైనా ఆ మాట వినాలి. ఆడవాళ్లకు ఆ ఆకు పెట్టరు. అందుకే మా మాట చెల్లదు.

నా ఆకు యుద్ధం రాకముందే ఆస్పరి దగ్గర నా మొగుడి ఊళ్లో చిరిగింది. అతనికి మాట గిట్టదు, నాకు ఊరక ఉండడం గిట్టదు. నేను కథ మొదలుపెడితే మగ్గం మీద పోగులు తెగుతాయనేవాడు. ఒకనాడు పోగు నిజంగానే తెగింది, చేతిలోని నాడె, పేక పోగు తోసే ఆ కొయ్య, నా మీదికి వచ్చింది. కణత మీద ఇప్పటికీ గుర్తుంది. ఆ గుర్తును పులి పంజా అని కూడా చెప్పుకున్నాను, నమ్మినవాళ్లూ ఉన్నారు. మా నాయన వచ్చి, ఆకు చింపించి, నన్ను ఎమ్మిగనూరుకు తోలుకొచ్చాడు.

కొన్నేళ్లకు మాధవరం నుంచి సంబంధం వచ్చింది. పెళ్లాం పోయిన మనిషి, మంచి చీర నేస్తాడు. చూడడానికి వచ్చినప్పుడు, మా పెరటి కోడి ఒకసారి దారపు ఉండ మింగి, మూడు గజాల పంచె పెట్టిందని చెప్పాను. అతను నవ్వి, అంచు ఏం రంగని అడిగాడు. నాకు ఆ మనిషి కావాలనిపించింది.

ఈ సంగతి ఆస్పరికి పోయింది. పాత మొగుడు మాధవరం కులపెద్దకు కబురు పెట్టాడు: ఆకు చింపడమే జరగలేదు, నా పెళ్లాం అలిగి పుట్టింటికి పోయింది, వచ్చే సోమవారం బండి కట్టుకొచ్చి తీసుకుపోతాను. నా మీద ప్రేమ పుట్టుకొచ్చి కాదు. మగ్గానికి నూలు కండెలు చుట్టే చెయ్యి కావాలి. వాళ్లమ్మకు చూపు తగ్గింది, పోగు అందడం లేదు. ఇంట్లో ఆడదాని చెయ్యి లేకపోతే నేతగాడి మగ్గం బొమ్మే.

మాధవరం పెద్ద న్యాయస్థుడు. నమిలినవాళ్లలో ఒక్కరిని తెమ్మన్నాడు. తేలేకపోతే నేను ఆ బండి ఎక్కవలసిందేనన్నాడు.

నాయన వెతకడం మొదలుపెట్టాడు. ఆ ఐదుగురిలో ఇద్దరు కలరాకు పోయారు. ఇద్దరు నూలు దొరకని రోజుల్లో సోలాపూరుకు వలసపోయారు, అడ్రసు ఎవరికీ తెలియదు. మిగిలినాయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. నాయన ముందు కూర్చుని అడిగితే, కళ్ల నిండా నీళ్లు పెట్టుకుని పైకప్పు చూశాడట.

కలరాకు పోయినవాళ్లలో ఒకాయన, దీన్ని ఆదోనిలో రిజిష్టరు చేయిస్తానని అప్పట్లో ఒక మాట అన్నాడు. మునిగేవాడికి గడ్డిపోచ. నాయనా నేనూ శనివారం పొద్దున్నే ఆదోనికి పోయాం. పత్తి బండ్లు దారి పొడవునా బారులు తీరి ఉన్నాయి. మా మొహాల మీదా తలల మీదా దూది పేరుకుంది. రిజిష్ట్రారు కచేరీలో గుమాస్తా కళ్లద్దాలు పైకి నెట్టుకుని, ఏ సంవత్సరమని అడిగాడు.

"వాన రాని సంవత్సరం, స్వామీ," అన్నాడు నాయన.

"వాన వచ్చిన సంవత్సరం సెప్పప్పా. మన పక్క అదైతే ఎతికేకి సులువు."

అయినా మంచివాడు. మధ్యాహ్నం దాకా పుస్తకాలు తిరగేశాడు. పొలాల అమ్మకాలు, ఇళ్ల తాకట్లు, అన్నదమ్ముల పంపకాలు. నాయన గోడకు ఆనుకుని, తిరుగుతున్న ప్రతి పుట వంకా దేవుడి పటం చూసినట్టు చూశాడు. ఆఖరి పుస్తకం మూసి గుమాస్తా, ఇక్కడ ఏమీ రాయించలేదని చెప్పాడు. పోనీ ఇప్పుడు కోర్టులో దావా వేస్తే తెగుతుందా అని నాయన అడిగాడు. మనవాళ్ల పెళ్లి తెంచే దావా ఏ కోర్టూ తీసుకోదనీ, కులాచారమే మీకు చట్టమనీ, నమిలినవాళ్లనే పట్టుకోమనీ చెప్పి, ఆయన అన్నానికి లేచాడు.

తిరుగుదారిలో నాయన ఒక్కటే మాట అన్నాడు. "సోమవారం నువ్వు నోరు తెరవద్దు పాపా. నువ్వు సెప్తే ఉండే నిజం గూడా పోతాది."

సోమవారం ఆస్పరి వాళ్లు బండి తెచ్చి మా వాకిట్లోనే ఆపారు. ఎడ్లను విప్పలేదు, కాడి కిందే ఉంచారు. ఎంతసేపని, ఇప్పుడే పోతాం కదా అన్నట్టు. నా చీరలు మూటకట్టి గుమ్మం దగ్గర పెట్టమని పాత మొగుడు మా అమ్మకు చెప్పాడు. ఆమె కట్టింది కూడా.

మాధవరం పెద్ద అరుగు మీద కూర్చున్నాడు. నా కోడి కథకు నవ్విన మనిషి స్తంభం పక్కన తల వంచుకుని నిలబడ్డాడు. ఆస్పరి నుంచి కొడుకుతో అత్త కూడా వచ్చింది. ఒక మూల కూర్చుని, ఒళ్లో ఆకువక్కల సంచి విప్పి, అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తోంది. చూపు తగ్గినా ఆమె వేళ్లకు ఆ పని తెలుసు. చుట్టుపక్కల ఊళ్లలో ఏ పెళ్లయినా తాంబూలాలు కట్టడానికి ఆమెనే పిలిచేవారు. కూర బాగా లేదంటే ఊరుకుంటుంది, కొడుకును తిట్టినా ఊరుకుంటుంది. ఆకులో సున్నం గురించి మాత్రం ఎవరూ ఏమీ అనకూడదు.

పాత మొగుడు తన మాట తాను చెప్పాడు. ఆకు లేదు, పెద్దలు లేరు, ఏమీ జరగలేదు. నాయన తన మాట చెప్పాడు. తండ్రి మాట సాక్ష్యం కాదని పెద్ద విచారంగానే అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, ఏమైనా చెప్పేది ఉందా అన్నాడు. నాయన నా వంక చూసి కళ్లతోనే వద్దన్నాడు.

"ఏముందప్పా సెప్పేకి," అన్నాను. "ఆ పొద్దు ఆకులో సున్నం ఎక్కువైంది. అదే కొంప ముంచింది."

పాత మొగుడు నవ్వాడు. ఇదిగో మొదలుపెట్టిందన్నాడు.

నేను ఆపలేదు. నమిలినాయన ఒకడికి నాలుక ఊరి నోట్లో పట్టక, అమావాస్య దాకా బయటే పెట్టుకుని తిరిగాడన్నాను. ఇంకొకాయన బావి దగ్గరికి ఉరికి, చేద వేసే ఓపిక లేక బావిలోకే దిగి తాగితే, పైనున్న ఆడవాళ్లకు నీళ్లు అందలేదన్నాను. మూడో ఆయన ఉమ్మిన చోట పడుగు కాలి బొక్క పడిందన్నాను. అరుగు కింద జనం పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. నాయన మొహం పాలిపోయింది. నేను మాత్రం అడకత్తెర చప్పుడే వింటున్నాను. బావి మాట దగ్గర అది నిదానించింది. పడుగు మాట దగ్గర ఆగింది.

"ఊరకుండు మా," అన్నాడు కొడుకు తల్లితో, మెల్లగా.

ఇంకొక్క మాట మిగిలింది. అది తప్పితే బండి ఎక్కాలి. "పాపం, ఎవురు కట్టినారో ఏమో," అన్నాను. "సున్నం పూసే సెయ్యి కాదది, గోడకు కొట్టే సెయ్యి."

"నోరు మూయే," అంది అత్త. "గోటి కొసతో తీసి పూసినా, ఐదు ఆకులకూ. ఎవురి నాలుకా పొక్కలా. ఇంకొకటి ఉంటే ఇయ్యమని అడిగి తిన్నారు ఆ పెద్దోళ్లు."

నవ్వులు ఆగిపోయాయి. వాకిట్లో ఎద్దు మెడ గంట ఒకసారి మోగింది.

మాధవరం పెద్ద చాలా మర్యాదగా అడిగాడు. "అయితే ఆకులు కట్టిచ్చింది నువ్వేనా, అవ్వా?"

ఆమె కొడుకు ఉన్న వైపు తిరిగింది. అతని మొహం ఆమెకు ఎంత కనిపించిందో తెలియదు. కాదనవచ్చు. ఒక్క మాట చాలు, నేను మళ్లీ ఆ ఇంట్లో కండెలు చుడుతూ ఉంటాను. కాదంటే ఆమె చేతి సున్నం గురించి నేను చెప్పిన కథ ఊరూరా తిరుగుతుంది, అది అబద్ధమనడానికి ఆమెకు నోరుండదు. ఆమె వేలితో అడకత్తెర అంచు తడిమింది.

"నేనే ఇచ్చినా," అంది. "వాడు సించినాడు, నేను ఇచ్చినా."

వాళ్లింటి నోటే ఒప్పుకున్నాక ఇక నమిలినవాళ్లు అక్కర్లేదన్నాడు పెద్ద. ఎవరూ నా మూట ముట్టుకోలేదు. పాత మొగుడు లేచి ఎడ్ల దగ్గరికి పోయాడు. నాయన అక్కడే కూలబడి, పై కండువాతో మొహం కప్పుకున్నాడు. స్తంభం పక్కనున్న మనిషి మొదటిసారి తలెత్తాడు.

అత్త మాత్రం కదల్లేదు. సంచిలోంచి ఒక ఆకు తీసి, తొడిమ తుంచి, తొడ మీద తుడిచి, గోటి కొసతో సున్నం పూసింది. వక్క పెట్టి మడిచి, నా గొంతు వినబడిన వైపు చెయ్యి చాపింది.

"నమిలి సెప్పు, ఎక్కువైందేమో."

ఆడదానికి ఆ ఆకు పెట్టరు. పెద్ద వంక చూశాను. ఆయన అడ్డుచెప్పలేదు. తీసుకుని నోట్లో పెట్టుకున్నాను. బయట కొడుకు పిలుస్తున్నా, నేను నమలడం అయ్యేదాకా ఆమె చెవి నా వైపే ఉంచింది.

"సరిపోయింది, అత్తా," అన్నాను.

ఆమె సంచి ముడివేసుకుని, గోడ పట్టుకుని బండి వైపు నడిచింది.