పక్కింటి నుంచి పోస్టులో

మా పక్కింటి ల్యాబ్ మేడమ్ పోయారు. పద్మారావు నగర్‌లో మా వీధి వాట్సాప్ గ్రూపులో ఎవరో "ప్రశాంతంగా కన్నుమూశారు" అని పెట్టారు. కింద వరసగా దండం పెట్టే చేతుల బొమ్మలు. చదవగానే నాకు ఒళ్లు మండింది. ఆవిడ తన జన్మలో ఏ పనీ ప్రశాంతంగా చేయలేదు. ముందురోజు సాయంత్రం కూడా ఆస్పత్రి మంచం మీద నుంచి, సెలైన్ సీసా అంత ఎత్తులో ఎందుకు వేలాడదీస్తారో చెప్తేగానీ సూది పెట్టనివ్వనని నర్సుతో పేచీ పెట్టారు. ఆ పిల్ల నవ్వుతూ జవాబు చెప్పింది కూడా. అలాంటి మనిషికి ప్రశాంతత అంటగడితే నేనొప్పుకోను. ఇది రాస్తున్నది అందుకే.

మీలో చాలామందికి ఆవిడ తెలియదు. ఒక ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ చూసుకుని రిటైరయ్యారు. కాకినాడ వైపు మనిషి, పెళ్లయి ఇక్కడికొచ్చి, భర్త పోయాక కూడా ఇక్కడే ఉండిపోయారు. ఒక్కతే కూతురు, బేగంపేటలో ఉద్యోగం, అక్కడికి దగ్గర్లోనే కాపురం. మేడమ్ వంటింట్లో పోపు డబ్బా పక్కన టెస్ట్ ట్యూబులుండేవి. వాటిలో జీలకర్ర పోసి పెట్టుకునేవారు. "గాజు ఖాళీగా ఉంటే నాకు ఏడుపొస్తుంది అమ్మాయ్" అనేవారు. నాకు యాభై దాటినా ఆవిడకు నేను అమ్మాయినే.

ఇక ఆవిడ దగ్గరున్న ఒక పుస్తకం సంగతి. అది తెలుగులో వచ్చిన సైన్సు పుస్తకం. మన కథల్లో మాంత్రికులు చేసే మాయలన్నీ వరసగా తీసుకుని, ఇది నిజంగా చేయాలంటే ఏం కావాలి, సైన్సు ఎంతవరకు ఒప్పుకుంటుంది అని సరదాగా చెప్పుకుంటూ పోతుంది. మాయం కావడం, గాలిలో తేలే తివాచీ, నిప్పుల మీద నడక, భూతాన్ని సీసాలో బంధించడం, మాంత్రికుడు తన ప్రాణాన్ని ఏడు సముద్రాల అవతల చిలకలో దాచుకోవడం, అన్నీ ఉన్నాయి. దాన్ని అచ్చువేసినవాళ్లు దుకాణం కట్టేశారు. ఎంత వెతికినా ఇంకో ప్రతి దొరకలేదు. ఉన్నది ఒక్కటే, మేడమ్ దగ్గరది.

ఆ ఒక్కదాన్నే ఆవిడ ఊళ్లు తిప్పారు. ఒక పత్రికలో పాఠకుల ఉత్తరాల ద్వారా కలిసిన కొద్దిమందిమి మేము. వరంగల్, కర్నూలు, రాజమండ్రిలో కొందరు, బోయిన్‌పల్లి మార్కెట్‌లో కూరగాయల మండీ నడిపే పెద్దమనిషి ఒకరు, పక్కింట్లో నేను. పుస్తకం ఒకరి నుంచి ఒకరికి పోస్టులో వెళ్లేది. ప్రతివాళ్లూ అందులో ఒక మాయనైనా ఇంట్లో చేసి చూడాలి. చేసి, ఆ పేజీ అంచున "అయింది" అనో "కాలేదు" అనో రాయాలి. పెన్సిల్‌తోనే. "రేపు తప్పని తేలితే చెరిపే వీలుండాలి. పెన్నుతో రాసేవాడు అన్నీ తెలిసినవాడు, వాడితో మనకు పనిలేదు" అని మేడమ్ శాసనం.

పుస్తకాన్ని పాత చీర ముక్కలో పెట్టి కుట్టి పంపేవారు, వెనకటి పార్సిళ్లలాగా. అందుకున్నవాళ్లు కుట్లు విప్పి, ఆ గుడ్డ ఉతికి ఆరేసి, మళ్లీ దానిలోనే కుట్టి ముందుకు పంపాలి. పోస్టాఫీసు కౌంటర్లో "ఇప్పుడెవరు కుడుతున్నరమ్మా గుడ్డ, మంచి కవర్లున్నయి గద" అంటే, "నేను కుడుతున్నానుగా, కనబడటం లేదా?" అనేవారు.

మా ఇంటికీ ఆవిడ ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ. ఆ గోడ మీదుగా మేం ఇచ్చిపుచ్చుకోని వస్తువు లేదు. పెరుగు తోడు, పేపరు, నిచ్చెన. పుస్తకం మాత్రం అలా ఇవ్వడానికి వీల్లేదు. నా వంతు వచ్చినప్పుడు ఆవిడ ఆటో ఎక్కి పోస్టాఫీసుకు వెళ్లేవారు. పుస్తకం ఎక్కడెక్కడో తిరిగి, ఆవిడ గేటు ముందు నుంచే నా గేటుకు వచ్చేది. పోస్ట్‌మన్‌ తల పట్టుకునేవాడు.

"పక్కింటికెంచి పక్కింటికా? గోడ మీదికెళ్లి ఇచ్చుకోరాదుండ్రి అమ్మా, నాకెందుకు గీ తక్లీఫ్!"

నేనూ అదే అడిగాను. మేడమ్ కళ్లద్దాల పైనుంచి చూశారు. "కర్నూలాయన ఎదురుచూస్తాడు, రాజమండ్రావిడ ఎదురుచూస్తుంది. పక్కనున్నావని నీకు ఎదురుచూడటంలో రాయితీ ఇవ్వాలా? చేతికిస్తే అది అరువు అమ్మాయ్. పోస్టులో వస్తే పండగ."

స్కాన్ చేసి మా చదివేవాళ్లందరికీ వాట్సాప్‌లో పెడదామని కూడా ఒకసారి అన్నాను. "పెట్టు. అందరూ దాచుకుంటారు. ఒక్కళ్లూ చదవరు" అని కాఫీ కలపడానికి లేచిపోయారు. నాకు మంట పుట్టింది. కానీ నా ఫోన్‌లో అలా దాచుకున్నవి ఎన్ని పడి ఉన్నాయో నాకు తెలుసు.

మండీ ఆయన కథ చెప్పకపోతే మేడమ్ మీకు అర్థం కారు. మాయం కావడం అనే అధ్యాయంలో, నూనెలో ముంచితే గాజు కనబడకుండా పోతుందని ఉంది. ఆయన ఇంట్లో ఉన్న టీ గ్లాసును మంచినూనె గిన్నెలో ముంచి చూశారు. గ్లాసు కనబడుతూనే ఉంది. "కాలేదు" అని అంత పొడుగు అక్షరాలతో రాసి పంపి, ఫోన్ చేశారు. "పుస్తకంల ఉన్నదంతా ఝూటా మేడమ్! నా పెండ్లాం నూనె ఖరాబ్ చేసినవని తిడుతున్నది!"

మేడమ్ సంతోషం చూడాలి. "కాలేదు" అని రాసినవాళ్లంటే ఆవిడకు ప్రాణం. "అన్నీ అయ్యాయని రాసేవాళ్లు అసలు చేసి ఉండరు" అనేవారు. వెంటనే టెస్ట్ ట్యూబులో జీలకర్ర ఖాళీ చేసి, దాన్ని దూదిలో చుట్టి ఆయనకు పంపారు. ల్యాబు గాజు వేరు, టీ గ్లాసు గాజు వేరు, వెలుతురు రెండింటిలో ఒకేలా వంగదని ఫోన్‌లో చెప్పారు. తర్వాతి వంతుకు ఆయన పాత "కాలేదు" కింద "అయింది. ఇంట్ల అందరు చూసిన్రు" అని రాశారు.

ఆ మనిషే ఒకసారి, వానల్లో పుస్తకం తడిసి పాడవుతుందని భయపడి, ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని స్కూటర్ మీద స్వయంగా తెచ్చేశారు. హ్యాండిల్‌కు ఓ సంచీ నిండా బెండకాయలు, టమాటాలు. ముద్దగా తడిసి గేటు దగ్గర నిలబడ్డారు. మేడమ్ సంచీ అందుకున్నారు. పుస్తకం అందుకోలేదు.

"ఏందీ మేడమ్, వానల తడుసుకుంట గింత దూరం వచ్చిన, వాపస్ తీస్కపొమ్మంటరా?"

"పుస్తకం తడవలేదు కదండీ? ఐతే తీసుకెళ్లి పోస్టు చేయండి. బెండకాయలకు నియమం లేదు, అవి చేత్తో ఇవ్వొచ్చు."

తువ్వాలు ఇచ్చారు, టీ ఇచ్చారు, పుస్తకంతో సహా బోయిన్‌పల్లికి తిప్పి పంపారు. ఇదెక్కడి మొండితనమని నేను గోడ ఇవతల నుంచి కేకలేశాను. కొన్నాళ్లకు పోస్టులో పుస్తకం వచ్చింది, చుట్టూ మండీ గోనెసంచీతో కుట్టిన ఇంకో పొరతో. మేడమ్ దాన్ని వీధంతా తిప్పి చూపించారు.

నిరుడు గుండె బలహీనపడింది. మెట్లెక్కొద్దు, బయట తిరగొద్దు అన్నారు. చూడటానికి వచ్చిన చుట్టాలు తలో భక్తి పుస్తకం పెట్టి వెళ్లారు. "ఇన్నేళ్లు ఆయన జోలికి నేను పోలేదు, నా జోలికి ఆయన రాలేదు. ఇప్పుడు చివర్లో వెళ్లి కాకా పట్టడం ఏం మర్యాద?" అని వాటిని కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నారు. పుస్తకం పోస్టు చేయడానికి మాత్రం ఎవరు అడ్డుపడినా ఆటో పిలిపించుకునేవారు.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం, వరండాలో కూర్చుని చిలక అధ్యాయం తిరగేస్తున్నారు. పుస్తకం మొత్తం మీద ఆ ఒక్క అధ్యాయం అంచులు ఖాళీ. ప్రాణాన్ని చిలకలో దాచి చూడటం ఎవరివల్లా కాదు కదా. మీరేమంటారు మేడమ్ అన్నాను.

"ఆ మాంత్రికుడంత తెలివితక్కువవాడు ఇంకొకడు లేడు అమ్మాయ్. ప్రాణాన్ని ఒకే ఒక్క చిలకలో పెడతాడు. దాన్ని పంజరంలో పెడతాడు. పంజరానికి కాపలా పెట్టుకుని కూర్చుంటాడు. రాజకుమారుడు వచ్చి మెడ విరిస్తే అయిపోయె. నేనైతే దాచను. తలా కాస్తా ఇచ్చి ఊరూరా పంపించేస్తాను. ఎవడొచ్చి ఎక్కడని విరుస్తాడు?"

ఆవిడ పోయినప్పుడు పుస్తకం ఆవిడ దగ్గరే ఉంది. తర్వాతి వంతు నాది.

కర్మలన్నీ అయ్యాక వెళ్లి చూద్దును కదా, పుస్తకం హాల్లో షోకేసులో ఉంది, మేడమ్ ఫోటో పక్కన. దండ వేసి, అట్ట మీద కుంకుమ బొట్టు కూడా పెట్టారు. 

"అమ్మా, అది షోకేసులో ఉండాల్సిన పుస్తకం కాదు. నాకు పోస్టు చెయ్యి" అన్నాను కూతురితో.

"ఇవ్వను అక్కా. అమ్మ చేతిరాత నాకున్నది అదొక్కటే. మిగతాదంతా ఫోన్‌లో మెసేజ్‌లే. పోస్టులో పోతే నేనేం చేయాలి?"

"ఇన్నేండ్ల నుంచి తిరుగుతున్నది, పోయిందా? చిలక సంగతి నీకు చెప్పలేదా మీ అమ్మ?"

"వంద సార్లు చెప్పింది. అయినా ఇవ్వను." ఆ పిల్ల కళ్లలో నీళ్లు నిండాయి, కానీ చూపు దించలేదు. అచ్చం తల్లి. నేనూ తక్కువ తినలేదు, పుస్తకానికి బొట్టు పెడితే చదివినట్టా అని అనేసి వచ్చాను. ఆమెకు తల్లి పోయింది, నేను అరిచింది పుస్తకం కోసం. అది నాకు తెలుసు. అయినా పుస్తకం ఆగిపోతే ఆవిడ రెండోసారి పోయినట్టే అనిపించింది నాకు, ఇప్పటికీ అదే అంటాను.

మండీ ఆయన ఫోన్ చేశారు. "మేడమ్ నన్ను వానల వాపస్ పంపింది, యాదుందా? గిప్పుడు ఆమె ఇంట్లనే పుస్తకం కూసుంటే ఆమె ఊకుంటదా?"

మొక్కలకు నీళ్లు పోయమని కూతురు ఇంటి తాళం నాకే ఇచ్చి వెళ్లింది. ఓ రోజు నీళ్లు పోశాక షోకేసు ముందు నిలబడ్డాను. దానికి తాళం కూడా లేదు. చెయ్యి చాపితే చాలు, గోడ దాటితే మా ఇల్లు. చెయ్యి చాపాను కూడా. చేత్తో తీసుకెళ్తే మేడమ్ నన్నూ గేటు దగ్గర నుంచే తిప్పి పంపిస్తారు. షోకేసు తలుపు దగ్గరికి వేశాను. మేడమ్ పార్సిళ్లు కుట్టే దబ్బనం, దారపు ఉండ కుట్టుమిషను సొరుగులో ఉంటాయి. తీసి, షోకేసు ముందు, కంటికి కనబడేలా పెట్టి వచ్చేశాను.

కూతురు శని, ఆదివారాలు వచ్చి వెళ్తూనే ఉంది. నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. నేనూ అడగలేదు.

మొన్న పోస్ట్‌మన్‌ గేటు కొట్టాడు. "మల్ల షురూ చేసిన్రా అమ్మా? గీ ఇంటికెంచే!" అని పార్సిల్ చేతిలో పెట్టాడు. ఈసారి తల పట్టుకోలేదు. పక్కింటి గేటు వైపు ఒకసారి చూసి వెళ్లాడు.

కుట్లు వంకరటింకరగా ఉన్నాయి. గుడ్డ మాత్రం ఎప్పుడూ వచ్చే పాత చీర ముక్క కాదు. మేడమ్ రిటైరైన రోజు కట్టుకున్న తెల్ల నేత చీర, మెరూన్ అంచుది. దాచుకోవాల్సిన చీర. దాన్ని అడ్డంగా కత్తిరించేసింది ఆ పిల్ల. అక్కడే గేటు దగ్గర నేను ఏడ్చాను, ఎవరు చూస్తే నాకేం.

విప్పడానికి చేతులు రాలేదు. ఆ చీర, ఆ కుట్లు, పైన ఆ పిల్ల రాసిన నా పేరు. అలాగే బీరువాలో పెట్టుకుందామనిపించింది. మధ్యాహ్నం దాకా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. విప్పకపోతే నాదీ షోకేసే కదా అని తట్టాక, కత్తెర తెచ్చి కుట్లు తెంపాను.

అట్ట మీద బొట్టు తుడిచినా కాస్త ఎరుపు మిగిలింది. తిరగేస్తూ పోతే చిలక అధ్యాయం వచ్చింది. ఇన్నాళ్లూ ఖాళీగా ఉన్న అంచున ఒకే మాట ఉంది, "అయింది" అని. పెన్నుతో, కాగితం అవతలికి గాడి పడేంత గట్టిగా. రూలు తప్పింది. మేడమ్ ఉంటే వీధంతా వినబడేలా తిట్టేవారు. నేనొక్క మాట అనను, ఎవర్నీ అననివ్వను.

గుడ్డ ఉతికాను. పోస్టాఫీసు ముద్ర పూర్తిగా పోలేదు. ఇప్పుడది మా రెండిళ్ల మధ్య గోడ మీద ఆరుతోంది, మెరూన్ అంచు వాళ్ల వైపు వేలాడుతోంది. లోపల గిన్నెలో మంచినూనె పోసి ఉంచాను, మేడమ్ ఎప్పుడో ఇచ్చిన టెస్ట్ ట్యూబు ముంచాలి. గుడ్డ ఆరగానే కుట్టి బోయిన్‌పల్లికి పోస్టు చేస్తాను.